మందు పేరు చెప్పే ముందు ఆకు తిప్పి చూడమనండి

ఎడిటర్ గారికి నమస్కారం,

పోయిన వారం మీ పేపర్లో మొక్కల ప్రశ్నలు జవాబులు వచ్చే చోట ఒకావిడ, టమాటా మొక్కలకి ఆకులు పసుపెక్కి మచ్చలొస్తున్నాయి ఏం కొట్టాలండీ అని అడిగారు. దానికి మీవాళ్ళు రెండే లైన్లలో జవాబిచ్చేశారు, ఫలానా తెగులు మందు, ఫలానా పురుగు మందు కలిపి వారానికోసారి కొట్టమని. ఆవిడని తిరిగి ఒక్క ప్రశ్న కూడా అడగలేదు. పసుపెక్కింది కింది ఆకులా చిగురాకులా, మచ్చ గుండ్రంగా ఉందా మూలలు తేలి ఉందా, ఆకు వెనకాల ఏమన్నా కనపడుతోందా, నీళ్ళు ఎప్పుడు ఎలా పోస్తున్నారు, ఇవేవీ తెలీకుండా మందు పేరు ఎలా చెప్పారో నాకైతే అర్థం కాలేదు. నేనేం సైంటిస్టుని కాదు లెండి, చాలా ఏళ్ళుగా ఆరుబయట మొక్కలు పెంచుతూ, ఎక్కువగా చంపుతూ, నాలుగు విషయాలు నేర్చుకున్నవాణ్ణి. ఆ పేజీ చూసి ఎంతమంది పంపు భుజాన వేసుకుంటారో అని ఈ ఉత్తరం.

ముందు నా బుద్ధితక్కువ పని ఒకటి చెప్తా. ఒక ఎండాకాలం మిరప ఆకుల మీద సూదితో గుచ్చినట్టు సన్నటి తెల్ల చుక్కలొచ్చాయి. పురుగే అయ్యుంటుందనుకుని, మందుల షాపతను ఇచ్చిన గట్టి పురుగుమందు పది రోజుల్లో మూడుసార్లు కొట్టా. మూడోసారి కొట్టాక ఆకులన్నీ కంచురంగుకి తిరిగిపోయి కొమ్మల మధ్యన సాలెగూడు లాంటి దారాలు కనపడ్డాయి. అప్పుడు తెలిసింది అవి నల్లులని. నల్లి అసలు పురుగే కాదు, ఎనిమిది కాళ్ళుండే సాలీడు జాతి, మామూలు పురుగుమందులు చాలావాటికి అది చావదు, పైగా దాన్ని తినే మంచి పురుగులు ఆ మందుకి ముందే చచ్చిపోతాయి కాబట్టి నేను కొట్టిన ప్రతిసారీ దానికి దారి ఇంకా క్లియర్ చేసినట్టయింది. మంచి ఎండల్లో గుడ్డు నుంచి పెద్ద నల్లి అవ్వడానికి వారం చాలు, ఆ లెక్కన నేను పోగొట్టుకున్న పది రోజులంటే మామూలు విషయం కాదు.

ఇది తెలుసుకోడానికి కావాల్సింది ఒక తెల్ల కాగితం, అంతే. ఆకు కింద కాగితం పట్టుకుని ఆకుని రెండు దెబ్బలు తడితే రాలిన దుమ్ములో కొన్ని చుక్కలు నడుస్తుంటాయి. అవే. నల్లి అని తేలాక మొదట చెయ్యాల్సిన పని మందు కొట్టడం కూడా కాదు, ఆకు వెనక్కి తగిలేలా నీళ్ళు గట్టిగా చిమ్మడం, రెండు మూడు రోజులకోసారి. మిరప వేసే రైతులు ఎప్పట్నుంచో చెప్తారు, ఆకు అంచులు పైకి ముడుచుకుంటే తామర పురుగు, కిందికి ముడుచుకుంటే నల్లి అని, పైముడత కిందిముడత అంటారు. ఇంత చక్కగా రెండు మాటల్లో చెప్పే రైతులుండగా, మన పేజీలో మాత్రం "ఆకు ముడతకు" అని ఒకే మందు రాసేస్తున్నారు, రెంటికీ మందులు వేరు కదండీ.

ఇంకో గందరగోళం బూజుల దగ్గర. తెల్లగా ఏది కనపడ్డా బూజే అనేస్తాం, కానీ బూడిద తెగులు వేరు, బూజు తెగులు వేరు. బూడిద తెగులు ఎక్కువగా ఆకు పైనే ఉంటుంది, విభూది చల్లినట్టు, వేలితో తుడిస్తే వేలికి అంటుతుంది. దానికి ఆకు తడిగా ఉండక్కర్లేదు, పగలు పొడిగా రాత్రి చెమ్మగా ఉంటే చాలు, అందుకే వానల్లేనప్పుడు కూడా వస్తుంది. బూజు తెగులుకి తడి కావాలి. పైన చూస్తే ఈనెల మధ్య గడులు కట్టినట్టు పసుపు మచ్చలు, ఆకు తిప్పి పొద్దున్నే చూస్తే వెనకాల బూడిదరంగో ఊదారంగో నూగు. సరిగ్గా చెప్పాలంటే ఈ రెండోది శిలీంధ్రం కూడా కాదట, నీటి నాచుకి చుట్టం. అందుకే బూడిద తెగులుకి బ్రహ్మాండంగా పనిచేసే గంధకం దీని మీద పెద్దగా పనిచెయ్యదు. ఎవరైనా ఈ రెండోదానికి గంధకం కొడుతుంటే డబ్బులూ పోయాయి వారమూ పోయింది. గంధకం గురించి ఇంకో మాట, 32 డిగ్రీలు దాటిన ఎండలో కొడితే ఆకు మాడుతుంది, వేపనూనె లాంటి నూనె ఏదైనా కొట్టి రెండు వారాలు కాకుండా కొట్టినా అంతే. బూడిద తెగులు అప్పుడే మొదలైతే పాలు కూడా పనిచేస్తాయి, నవ్వకండి, బ్రెజిల్లో జుకినీ అనే గుమ్మడి జాతి మొక్కల మీద పరీక్ష చేసి 1999లో పేపర్ కూడా వేశారు, పదోవంతు పాలు కలిపిన నీళ్ళు.

బూజు తెగులుకి పాత మందు మైలతుత్తం సున్నం, అదే బోర్డో మిశ్రమం. దీని కథ నాకు భలే ఇష్టం. ఫ్రాన్సులో బోర్డో దగ్గర దారి పక్క ద్రాక్ష తోటలవాళ్ళు దొంగలు పళ్ళు కోసుకోకుండా మైలతుత్తం సున్నం కలిపి నీలంగా పూసేవారట, 1882లో మిల్లార్డే అనే ప్రొఫెసర్ ఆ నీలం పూసిన తీగలకి మాత్రం తెగులు రాలేదని గమనించి 1885లో దాని సంగతి బయటపెట్టాడు. ఒక శాతం మిశ్రమమంటే కిలో మైలతుత్తం, కిలో సున్నం, వంద లీటర్ల నీళ్ళు. విడివిడిగా ప్లాస్టిక్ బకెట్లలో కలిపి తర్వాత తుత్తం నీళ్ళని సున్నం నీళ్ళలోకి పొయ్యాలి, కలిపిన రోజే వాడేయాలి. తోమిన ఇనప కత్తి ఒక నిమిషం ముంచి చూడండి, ఎర్రగా రాగి పూత అంటితే సున్నం చాలలేదని, ఇంకాస్త కలపాలి, లేకపోతే ఆకులు మాడతాయి.

ఇక ఆవిడ టమాటా సంగతి. నా అనుమానం ఏంటంటే అది కింది ఆకుల్నుంచి మొదలైన ఎర్లీ బ్లైట్ అయ్యుండొచ్చు, మచ్చలో ఒకదాని చుట్టూ ఒకటి ఉంగరాలు, చుట్టూ పసుపు. లేదా సెప్టోరియా అనే ఇంకో ఆకుమచ్చ తెగులు కావచ్చు, చిన్న చిన్న మచ్చలు, మధ్యలో బూడిదరంగు, భూతద్దం పెడితే ఆ మధ్యలో ఆవగింజలో పదోవంతు కూడా లేని నల్ల చుక్కలు. రెండూ మట్టి చిమ్మడం వల్ల, ఆకు తడిసి ఉండడం వల్ల పాకేవే, కాబట్టి కింది ఆకులు తీసేసి మొక్క మొదట్లో గడ్డి పరిచి నీళ్ళు ఆకుల మీద కాకుండా ఆ మొదట్లోనే పొయ్యడంతోనే సగం పని అయిపోతుంది. కానీ మచ్చ తడిసినట్టు నల్లగా ఉండి, చల్లటి ముసురు రోజుల్లో ఆకు వెనక అంచున తెల్ల నూగు కనపడితే మాత్రం అది లేట్ బ్లైట్. 1845లో ఐర్లండులో బంగాళదుంప పంటని నాశనం చేసి కరువు తెచ్చింది అదే. దానికి ఆలోచించే టైమ్ ఉండదు, ఆ మొక్క పీకి దూరంగా పూడ్చేసి, మిగతావాటికి ఆ రోజే మందు కొట్టుకోవాలి.

అసలు తెగులే కాకపోతే? పసుపు కింది ఆకుల్లో మొత్తంగా వస్తే నత్రజని లోపం, కింది ఆకుల్లోనే ఈనెలు పచ్చగా ఉండి మధ్యలో పసుపైతే మెగ్నీషియం లోపం, అదే తీరు చిగురాకుల్లో ఉంటే ఇనుము లోపం. మొక్క నత్రజనినీ మెగ్నీషియాన్నీ పాత ఆకుల్లోంచి లాగి కొత్తవాటికి పంపుకోగలదు, ఇనుముని పంపలేదు, తేడా అంతే. ఇనుము కూడా చాలాసార్లు మట్టిలో ఉంటుంది, మట్టిలో సున్నం ఎక్కువై వేరుకి అందదు. ఇక నీళ్ళెక్కువై వేర్లు ఊపిరాడక పసుపెక్కే మొక్కలు ఎన్నో, వాటికి తెగులు మందు కొట్టడమంటే తలనొప్పికి కాలికి కట్టు కట్టినట్టు. వైరస్సైతే, అంటే ఆకులు చిన్నవై గిడసబారి మొక్క ఎదగకపోతే, దానికి మందే లేదు, పీకెయ్యడం, దాన్ని మోసే తెల్లదోమని చూసుకోవడం. ఈ మాట కూడా ధైర్యంగా చెప్పాలి పేపర్లో.

ఇంకోటి చెప్పి ఆపేస్తా. మందు కొట్టాక మచ్చ పచ్చగా మారదు, మాడిన చోటు మాడినట్టే ఉంటుంది. జనం అది చూసి మందు పనిచెయ్యలేదని మళ్ళీ కొడతారు, ఇంకోటి కలిపి కొడతారు. చూడాల్సింది పాత ఆకుల్ని కాదు, తర్వాత వచ్చిన ఆకుల్ని. అందుకే నేను మచ్చలున్న ఆకు ఒకదానికి దారం కట్టి తేదీ రాసుకుంటా, వారం తర్వాత దాని పైన ఉన్న ఆకులు శుభ్రంగా ఉంటే ఇంక పంపు ముట్టుకోను.

నా కోరిక చిన్నదే. ప్రశ్నలు పంపేవాళ్ళని రెండు ఫోటోలు పంపమని ఆ పేజీలో పైనే వెయ్యండి, ఒకటి మొక్క మొత్తానిది, ఒకటి ఆకు వెనకది. ఆ రెండూ లేని ప్రశ్నకి మందు పేరు వెయ్యకండి. ఆవిడకి కూడా వచ్చేవారం ఒక లైన్ వెయ్యండి, ఇంకా కొట్టకపోతే కాస్త ఆగమని.

ఇట్లు,
మీ పాత పాఠకుడు