ఆరు వారాల టీకా రోజున బిడ్డ గుండె కూడా వినండి

సంపాదకుల వారికి,

బుధవారం వస్తే చెన్నై కార్పొరేషన్ ఆరోగ్య కేంద్రాల దగ్గర చంటిపిల్లల తల్లులు బారులు తీరి కూర్చుంటారు. ఆరు వారాల బిడ్డకు సూదులు వేస్తారు, పోలియో, రోటా చుక్కలు పోస్తారు, కార్డులో రాసి పంపేస్తారు. ఆ పని పద్ధతిగానే సాగుతోంది. బిడ్డ ఛాతీ మీద స్టెతస్కోపు పెట్టి వినడం మాత్రం అన్నిచోట్లా జరగడం లేదు. డాక్టర్లు మర్మర్ అనే అదనపు గుండె చప్పుడు ఎక్కువగా బయటపడేది సరిగ్గా ఈ వయసులోనే.

పుట్టిన కొత్తలో ఊపిరితిత్తుల రక్తనాళాల్లో ఒత్తిడి ఎక్కువగా ఉంటుంది. గుండె కింది గదుల మధ్య గోడకు పెద్ద చిల్లే ఉన్నా, రెండు పక్కలా ఒత్తిడి ఇంచుమించు సమానం కాబట్టి అందులోంచి రక్తం పెద్దగా పారదు, చప్పుడూ రాదు. రెండు నుంచి ఆరు వారాల్లో ఆ ఒత్తిడి తగ్గేకొద్దీ రక్తం ఎడమ నుంచి కుడికి జోరుగా దూకుతుంది. చప్పుడు, ఆయాసం అప్పుడు మొదలవుతాయి. అందుకే ‘పుట్టినప్పుడు చూసి బాగుందన్నారు’ అన్న మాట ఆ రోజు వరకే చెల్లుతుంది. మన తెలుగు ఇళ్లలో ఇంకో చిక్కుంది. పురుడు ఒక ఊళ్లో, టీకాలు ఇంకో ఊళ్లో. చెన్నైలో పుట్టిన బిడ్డ మూడో నెల దాకా నెల్లూరులోనో సూళ్లూరుపేటలోనో అమ్మమ్మ ఇంట్లో ఉంటాడు. మొదట విన్న డాక్టరు మళ్లీ వినే వీలుండదు. డిశ్చార్జి కాగితం ఎక్కడో బీరువాలో ఉండిపోతుంది.

చప్పుడు వినబడినంత మాత్రాన జబ్బు అనుకోనక్కర్లేదు. ఊపిరితిత్తులకు వెళ్లే నాళాలు చీలే చోట కాస్త సన్నగా ఉండి వచ్చే చప్పుడు చాలామంది పసిపిల్లల్లో ఉంటుంది, సాధారణంగా ఆరు నెలల లోపు పోతుంది. పుట్టుకతో గుండె లోపం ఉండేది వెయ్యి మందిలో ఎనిమిది తొమ్మిది మందికి. వాళ్లలోనూ గోడ కండరంలో చిన్న చిల్లు ఉన్నవాళ్లకు చాలావరకు ఏడాది రెండేళ్లలో అదే పూడిపోతుంది. దీనికి పూర్తిగా ఎదురు సంగతి కూడా ఉంది: గుండె నుంచి వెళ్లే రెండు పెద్ద ధమనులూ తారుమారుగా ఉన్న బిడ్డకు ఏ చప్పుడూ లేకపోవచ్చు, కానీ అది మొదటి రోజుల్లోనే ప్రాణం మీదికి తెచ్చే జబ్బు. అలాంటిది స్టెతస్కోపుకు దొరకదు, రక్తంలో ఆక్సిజన్ శాతం చూపే పల్స్ ఆక్సిమీటరుకు దొరుకుతుంది.

ఆ పరీక్ష అయిదు నిమిషాల పని. పుట్టి 24 గంటలు నిండాక, ఇంటికి పంపే ముందు, కుడి అరచేతికీ ఒక పాదానికీ ఆ మీటరుకుండే చంటిపిల్లల ప్రోబు (సెన్సరు పట్టీ) చుట్టి చూడాలి. రెండు చోట్లా 95 శాతం గానీ ఆపైన గానీ ఉండి, తేడా 3 మించకపోతే పంపవచ్చు. 90 లోపు వస్తే వెంటనే పిల్లల గుండె డాక్టరును పిలవాలి. మధ్యలో వస్తే గంట ఆగి మళ్లీ చూడాలి. కుడి చేయే ఎందుకంటే, దానికి రక్తం వెళ్లే కొమ్మ గర్భంలో ఊపిరితిత్తుల ధమనినీ ఒంటికి రక్తం తీసుకెళ్లే పెద్ద ధమనినీ కలుపుతూ తెరిచి ఉండే నాళం కన్నా ముందే చీలుతుంది. పాదానికి వెళ్లే రక్తం దాన్ని దాటాక వస్తుంది. అందుకే రెండు అంకెలూ కావాలి. పాదం చల్లగా ఉన్నా, బిడ్డ తన్నుకుంటున్నా అంకె తప్పు వస్తుంది. కరోనా రోజుల్లో కొన్న పెద్దవాళ్ల వేలి క్లిప్పు బిడ్డ బొటనవేలికి పెట్టి అంకె చూసి బెదిరిపోకండి, ధైర్యపడనూ వద్దు.

ఇంట్లో గమనించాల్సింది ముఖ్యంగా పాలు తాగేటప్పుడు. నాలుగు గుక్కలు తాగి ఆగి రొప్పడం, మళ్లీ నాలుగు గుక్కలు, ఫ్యాను కింద ఉన్నా నుదురు చెమటతో తడిసిపోవడం, అరగంట దాటినా కడుపు నిండకుండానే అలసి నిద్రపోవడం, గంటకే ఆకలితో లేవడం. చెన్నై ఉక్కకు చెమట మామూలేనని పెద్దవాళ్లు కొట్టిపారేస్తారు. పాలు తాగేటప్పుడల్లా నుదుటికి పట్టే చెమటను మాత్రం ఉక్క ఖాతాలో వేయకూడదు. ఊపిరి లెక్కించాలంటే బిడ్డ నిద్రలో ఉండగా చొక్కా పైకెత్తి నిండు నిమిషం చూడాలి. పసిపిల్లల ఊపిరి కాసేపు జోరుగా, కాసేపు నెమ్మదిగా నడుస్తుంది కనుక పావు నిమిషం చూసి నాలుగుతో హెచ్చవేస్తే తప్పు వస్తుంది. రెండు నెలల లోపు 60 గానీ ఆపైన గానీ, ఆ తర్వాత ఏడాది దాకా 50 గానీ ఆపైన గానీ ఉంటే డాక్టరుకు చూపించాలి. డొక్కలు ఎగరేస్తుంటే లెక్క కోసం ఆగనక్కర్లేదు. నీలం రంగు కోసం నాలుక చూడండి. చామనఛాయ పిల్లల్లో చర్మం మీద అది తెలియదు. నాలుక నీలమెక్కి రొప్పుతుంటే మోకాళ్లు ఛాతీకి ఆనేలా మడిచి పట్టుకుని 108 కు ఫోన్ చేయాలి. బరువు ఆరు వారాలకు పుట్టినప్పటి మీద ముప్పావు కిలో నుంచి కిలో దాకా పెరగాలి.

అనుమానం వస్తే డాక్టరు రాసే ఎకో అంటే ఛాతీ మీద జెల్ రాసి గుండెను చూసే స్కానింగే. సూది ఉండదు, ఎక్స్‌రే కిరణాలు ఉండవు. పిల్లల గుండె డాక్టరు దగ్గర చేయించడం మంచిది. నిద్రమందు ఇస్తామంటే ఎన్ని గంటల ముందు పాలు ఆపాలో అడిగి తెలుసుకోవాలి. రిపోర్టులో పి.ఎఫ్.ఓ. అని చూసి గుండెకు చిల్లని ఇల్లంతా ఏడ్చే సందర్భాలు తరచూ ఉంటాయి. అది గర్భంలో ప్రతి బిడ్డకూ ఉండే దారి, మామూలుగా నెలల్లో మూసుకుపోతుంది. చుక్కల మందు రాస్తే 1 మి.లీ. సిరంజీతోనే కొలవాలి, చెంచాతో కాదు. 0.3 అని రాసింది 3 గా చదివితే పది రెట్ల మందు లోపలికి పోతుంది. పాలు తాగి అలసిపోయే బిడ్డకు పిండిన పాలను పాలాడతోనో ఉగ్గుగిన్నెతోనో, తల ఎత్తిపెట్టి, రెండు గంటలకోసారి కొంచెం కొంచెంగా పట్టాలి. గుండె జబ్బు ఉందని టీకాలు ఆపకూడదు. న్యుమోనియా వస్తే ఈ పిల్లలకే ఎక్కువ ముప్పు.

ఇక తల్లిని గ్రహణం పేరుతో, తిన్న తిండి పేరుతో నిందించడం ఆపాలి. గుండె తయారయ్యేది గర్భం మూడో వారం నుంచి ఎనిమిదో వారంలోపు. చాలామందికి అప్పటికి కడుపుతో ఉన్నామనే తెలియదు. ఎక్కువమందిలో కారణమే దొరకదు. మేనరికంలో ముప్పు కొంత పెరిగే మాట నిజమే కానీ, అది ఇద్దరి పెళ్లి, ఒక్క తల్లి తప్పెలా అవుతుంది? తర్వాతి కాన్పులో మళ్లీ వచ్చే అవకాశం సాధారణంగా నూటికి రెండు మూడు. 18 నుంచి 22 వారాల మధ్య గర్భంలోనే బిడ్డ గుండెకు ఎకో చేయించుకోవచ్చు.

ఆపరేషన్ అవసరమైతే కార్డు దగ్గర చిక్కు వస్తుంది. తమిళనాడు ముఖ్యమంత్రి సమగ్ర ఆరోగ్య బీమాకు ఇక్కడి రేషను కార్డు, ఏడాదికి 1,20,000 రూపాయల లోపు ఆదాయపత్రం కావాలి. గూడూరు, నాయుడుపేటల నుంచి పనికి వచ్చినవాళ్ల కార్డు ఆంధ్రాది. వాళ్లకు 2021 లో తిరుపతిలో మొదలైన శ్రీ పద్మావతి చిన్నపిల్లల హృదయాలయం ఉంది. పుట్టుక లోపాలను కనిపెట్టేందుకు 2013 నుంచి దేశమంతటా రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం ఉంది. ఈ మాట చెప్పే మనిషి లేక వాళ్లు ప్రైవేటు ఆసుపత్రుల్లో అప్పులపాలవుతున్నారు.

కార్పొరేషన్ ఆరోగ్య శాఖను కోరేది ఇదే. ఆరు వారాల టీకా వరుసలో సూదికి ముందు డాక్టరు కూర్చోవాలి, ఎందుకంటే సూది పడ్డాక ఏడ్చే బిడ్డ గుండె వినడం ఎవరివల్లా కాదు. విన్నదీ, బరువూ, ఊపిరి లెక్కా టీకా కార్డులోనే రాయాలి. ప్రసూతి ఆసుపత్రులు చేతి అంకె, కాలి అంకె డిశ్చార్జి కాగితం మీద వేయాలి. ఎగ్మూరు పిల్లల ఆసుపత్రిలో ఏ కార్డుకు ఎక్కడికి వెళ్లాలో తెలుగులో చెప్పే ఒక మనిషిని కూర్చోబెట్టాలి.

— పిల్లల వార్డు విశ్రాంత నర్సు,
పెరంబూరు, చెన్నై