డబ్బా మోత ఎవరిది, చిన్నా

చిన్నా,

నీ గొంతు విని పంతొమ్మిది రోజులైంది. అందుకని రాయట్లేదు, నీ కార్డు సంగతి రాద్దామని కూర్చున్నాను. ఇక్కడ అందరం బాగున్నాం. దాళ్వా కోతలు అయ్యాయి, కాలువ కట్టేశారు, బోరు నీళ్ళే దిక్కు. మొన్న బుల్లి పిన్ని వచ్చి, నువ్వు రాత్రి మూడింటిదాకా ఆఫీసులోనే ఉంటున్నావని, ఉద్యోగం మానేస్తావని ఎవరో అన్నారంది. నేను నమ్మలేదులే.

గెస్ట్‌కి, అంటే కంప్యూటర్ లోపల నడిచే వర్చువల్ మిషన్‌కి, నేరుగా ఇచ్చిన పాత నెట్‌వర్క్ కార్డు కొన్ని గంటలు పనిచేసి ఆగిపోతోందని, దాన్ని మోసే అసలు కంప్యూటర్, ఆ హోస్ట్ లాగ్‌లో "ఐఆర్‌క్యూ 16: నోబడీ కేర్డ్" అని వస్తోందని చెప్పావు కదా. ఎవరూ పట్టించుకోలేదట! ఏటా పిల్లలకి ఇంటరప్టులు, అంటే పరికరాలు ప్రాసెసర్‌ని పిలిచే పిలుపులు, అందుకునే 8259 చిప్ చెప్పేదాన్ని, ఆ మాట విన్నాక ఊరుకోలేక మళ్ళీ చదివాను. ఒక లైను మీద లక్ష ఇంటరప్టులొస్తే అందులో 99,900కి పైగా ఏ డ్రైవరూ నాది అనకపోతే లైనక్స్ ఆ లైనునే మూసేస్తుంది. కార్డులు గుచ్చే పాత పీసీఐ పద్ధతికి నాలుగే ఇంటరప్టు లైన్లు, వాటినే అందరూ పంచుకోవాలి. కాబట్టి నీ కార్డుతో పాటు ఆ లైను మీదున్న హోస్ట్ పరికరాలూ పడుకుంటాయి.

1986 ఆగస్టు వరదకి నాకు పన్నెండేళ్ళు. ఏటిగట్టు మీద రాత్రంతా కాపలా. మనూరికీ పక్కూరికీ ఒకటే గుర్తు, బుంగ కనపడితే కిరసనాయిలు డబ్బా వాయించాలి, మనుషులొచ్చేదాకా ఆపకూడదు. ఆ రాత్రి రావిచెట్టు దగ్గర గట్టు కింద నీళ్ళు బుడబుడా ఊరుతుంటే సూరీడు మావయ్య వాయించడం మొదలుపెట్టాడు. మన అరుగు మీదవాళ్ళు అది పక్కూరిదనుకున్నారు, పక్కూరివాళ్ళు మనదనుకున్నారు. పైగా వాన హోరు. ఎంతకీ మోత ఆగకపోయేసరికి తాతయ్య లాంతరు పట్టుకుని లేచారు, నేను గోనెసంచి కప్పుకుని వెనకాలే, బురదలో జారుకుంటూ. వెళ్ళేసరికి మావయ్య అరచేతులు చిట్లి డబ్బా అంచు ఎర్రగా ఉంది, బుంగ మనిషి తల దూరేంత అయింది. ఇసుక బస్తాలేసి పూడ్చేసరికి తెల్లారింది. మర్నాటినుంచి తాతయ్య డబ్బా మానిపించి, ఎక్కడ బుంగ పడితే ఆ చోటు పేరు చీటీ మీద రాసి కుర్రాణ్ణి పరిగెత్తించమన్నారు.

అందరూ పంచుకునే ఇంటరప్టు లైను ఆ డబ్బా మోతే. ఎంఎస్ఐ, అంటే మెసేజ్‌గా వచ్చే ఇంటరప్టు, ఆ చీటీయే. లైనుతో పనిలేదు, పరికరం ఒక నిర్ణీత అడ్రసులో ఒక సంఖ్య రాస్తుంది, ఆ సంఖ్యను బట్టే ఎవరిదో తెలుస్తుంది. అలాంటి చీటీలు ఒక పరికరానికి ఎంఎస్ఐలో 32 దాకా, దాని తర్వాతి రకం ఎంఎస్ఐ-ఎక్స్‌లో 2048 దాకా. డబ్బా పద్ధతిలో అయితే, కార్డుని గెస్ట్‌కి అప్పగించే లైనక్స్ డ్రైవర్ వీఎఫ్ఐఓ ప్రతిసారీ కార్డు నోరు మూసి, గెస్ట్‌కి కబురంపి, గెస్ట్ పని అయిందన్నాక మళ్ళీ తెరవాలి. అసలు మోగించింది తన కార్డేనా అని కార్డు స్టేటస్ బిట్టునే అడుగుతుంది, కొన్ని పాత కార్డులు అక్కడ తప్పు చెబుతాయి.

అందుకని ముందు గెస్ట్‌లో ఎల్ఎస్‌పీసీఐ కమాండు కొట్టి చూడు, ఎంఎస్ఐ ఎనేబుల్ పక్కన ప్లస్ ఉందా మైనస్ ఉందా అని. కార్డుకి ఎంఎస్ఐ రాకపోతే వీఎఫ్ఐఓ-పీసీఐకి నోఐఎన్‌టీఎక్స్‌మాస్క్ ఆప్షన్ పెట్టు, ఆ స్టేటస్ బిట్టుని నమ్మడం మానేస్తుంది, కానీ అప్పుడు లైను దానికొక్కదానికే ఉండాలి, స్లాటు మార్చి చూడు. అన్‌సేఫ్ ఇంటరప్ట్స్ ఆప్షన్ జోలికి మాత్రం వెళ్ళకు. ఏ పరికరం ఏ చీటీ పంపొచ్చో హార్డ్‌వేర్ చేసే తనిఖీని రీమ్యాపింగ్ అంటారు, అది లేకపోయినా నడిపించేదే ఆ ఆప్షన్. ఆ తనిఖీ లేకపోతే గెస్ట్ చేతిలోని పరికరం దొంగ చీటీ రాసినా హోస్ట్ నమ్మేస్తుంది, ఎవరో తొందరలో పెట్టమన్నారని పెట్టేయకు. అంత తొందరైతే పడుకుని పొద్దున్నే చూసుకో. మీ నాన్నకి బీపీ ఆ రాత్రి డ్యూటీల్లోనే మొదలైంది, నీకు చెప్పలేదు గానీ. కళ్ళజోడు మార్పించావా? రోజూ పెరుగన్నం తింటున్నావా, లేక ఆ నూడుల్సేనా? ఉద్యోగం మానాలనిపిస్తే మానెయ్, ఇంటికొచ్చెయ్, ఆ మాట మాత్రం పిన్ని నోట కాకుండా నీ నోట విననీ.

రేపు రాత్రి బస్సుకి చిన్న జాడీతో ఆవకాయ, పూతరేకులు పంపిస్తున్నాను. జాడీ మూతకి గుడ్డ కట్టాను, పడుకోబెట్టకు, నూనె కారుతుంది. పొద్దున్నే డ్రైవర్ ఫోన్ చేస్తాడు, ఎత్తు నాన్నా. అందాక నాకు చెయ్యి, ఎంత రాత్రయినా సరే, ఫోన్ తలగడ పక్కనే పెట్టుకుంటున్నాను.

అమ్మ