బావా, ఆ కుర్చీ ఎవరి కింద ఉందో చూశావా?

భీమవరం

ఒరేయ్ బావా,

నీ వాయిస్ మెసేజ్ మొదట మా రొయ్యల ప్లాంటులో విన్నాను. బ్లాస్ట్ ఫ్రీజర్ రొదలో "సీఐఓ", "అమెరికా", "మామూలుగా లేదురా" అన్న ముక్కలు తప్ప ఏమీ వినపడలేదు. రాత్రి అన్నం తిన్నాక అరుగు మీద కూర్చుని మళ్ళీ పెట్టుకున్నాను. మీ అమెరికా ఇన్సూరెన్సు కంపెనీ నీకు సీఐఓ పదవి, అంటే కంపెనీ కంప్యూటర్ వ్యవస్థలన్నిటికీ పెద్ద పదవి, ఇస్తామంటోందని, ఏం చెయ్యమంటావని అడుగుతున్నావని అప్పుడు అర్థమైంది. ఫోనులో మాట్లాడదామంటే నువ్వు నన్ను ఒక్క మాట పూర్తి చెయ్యనివ్వవు, కాలేజీ రోజుల నుంచీ అదే తంతు. అందుకే రాస్తున్నాను. తీరిగ్గా చదువు. మధ్యలో కాల్ ఉందని వదిలెయ్యకు.

మీ నాన్నగారు అప్పుడే ఊరంతా చాటేశారు, తెలుసా? గునుపూడి గుడి దగ్గర కనబడి "మావోడు అమెరికా ఇన్సూరెన్సు కంపెనీకి సీయీవో అయిపోతున్నాడంటరా, నీకు చెప్పలేదా?" అన్నారు. నేనేమీ దిద్దలేదు. ఆ మొహంలో సంతోషం చూశాక ఒక్క అక్షరం కోసం నాకు నోరు రాలేదు. పక్కనున్న పెద్దాయన వెంటనే అందుకున్నాడు: "ఐబీఎం ఆయన కూడా మన జిల్లాయే కదండీ, ఆయ్!"

ఆ ఐబీఎం ఆయన, అరవింద్ కృష్ణ, పుట్టింది పశ్చిమ గోదావరిలోనే, కాదనను. కానీ వాళ్ళ నాన్నగారు సైన్యంలో మేజర్ జనరల్. అరవింద్ చదువు కూనూరులో, డెహ్రాడూన్‌లో, తర్వాత ఐఐటీ కాన్పూరు, ఆపైన ఇల్లినాయిలో పీహెచ్‌డీ. మన కాలవ నీళ్ళు ఎన్నాళ్ళు తాగాడో గాని, ఇక్కడ ప్రతివాడికీ ఆయన మేనల్లుడే. పోనీలే. నీకు పనికొచ్చేది ఆయన ఊరు కాదు, నడిచిన దారి. 1990లో ఐబీఎం పరిశోధన ల్యాబులో చేరాడు, 2020 ఏప్రిల్లో సీఈఓ అయ్యాడు. ముప్ఫై ఏళ్ళు ఒకటే కంపెనీ. ల్యాబులోనే ఉండిపోయి ఉంటే పేటెంట్లు పోగేసుకుని గౌరవంగా రిటైరయ్యేవాడు, నువ్వూ నేనూ పేరు కూడా వినేవాళ్ళం కాదు. ఆయన అమ్మకాలు, కొనుగోళ్ళు, లాభనష్టాలు ఉండే వైపుకి జరిగాడు. రెడ్ హ్యాట్ అనే సాఫ్ట్‌వేర్ కంపెనీని కొనాలని ముందుండి నడిపించినవాళ్ళలో ఆయనే ముఖ్యుడు. 2018లో ప్రకటించి 2019లో ముగించిన ఆ బేరం 3,400 కోట్ల డాలర్లు. కుర్చీ ఎక్కాక ఏం చేశాడు? పరాయి కంపెనీల సర్వర్లూ డేటా సెంటర్లూ చూసిపెట్టే విభాగాన్ని మొత్తంగా విడగొట్టి 2021లో కిండ్రిల్ అని పేరుపెట్టి బయటికి పంపేశాడు. సుమారు 90 వేలమంది ఉన్న విభాగం అది. కొనడం కన్నా ఆ వదిలెయ్యడానికే ఎక్కువ గుండె కావాలని నా ఉద్దేశం.

సత్య నాదెళ్ళ గురించి నీకు నేను చెప్పేదేముంది, ఆయన ఫోటో నీ లాప్‌టాప్ మీదే అంటించుకున్నావు. మన పక్క డెల్టా ఆవిడ ఒకావిడ ఉంది, ఆవిణ్ణి చూడు. పద్మశ్రీ వారియర్. విజయవాడలో పుట్టింది, ఐఐటీ ఢిల్లీలో కెమికల్ ఇంజనీరింగ్ చదివింది. 1984లో మోటరోలాలో చిప్పుల వైపు చేరి 2003లో ఆ కంపెనీకే సీటీఓ, అంటే టెక్నాలజీకి పెద్ద, అయింది, 2007 ఆఖర్లో సిస్కోకి సీటీఓగా వెళ్ళింది, ఆ తర్వాత నియో అనే ఎలక్ట్రిక్ కార్ల కంపెనీకి అమెరికాలో సీఈఓ. కెవిన్ టర్నర్ అని ఇంకొకడు, వాల్‌మార్ట్‌లో క్యాషియర్‌గా మొదలుపెట్టి, అదే కంపెనీకి సీఐఓ అయి, 2002లో వాళ్ళ శామ్స్ క్లబ్బు దుకాణాలకి పెద్దయ్యాడు, 2005లో మైక్రోసాఫ్ట్‌కి సీఓఓగా, అంటే రోజువారీ వ్యాపారం నడిపే పెద్దగా, వెళ్ళాడు. క్యాష్ కౌంటర్లో నిలబడ్డవాడికి బిల్లింగ్ మెషీను ఎందుకు ఆగకూడదో ఎవరూ క్లాసు పీకక్కర్లేదు కదా. వీళ్ళలో ఎవరూ తిన్నగా మెట్లెక్కి పైకి పోలేదు. ఎక్కడో ఒకచోట అడ్డంగా జరిగారు, తమకి అలవాటు లేని పనిలో పడ్డారు. నువ్వు పదిహేనేళ్ళుగా సాఫ్ట్‌వేర్ ఆర్కిటెక్ట్‌వి, పైకే చూస్తున్నావు. పక్కకి ఒక్కసారి కూడా చూడలేదు. ఇది తిట్టే అనుకో.

ఇక నీకిస్తామంటున్న పదవి. మనం చదువుకునే రోజుల్లో ఇలాంటి కుర్చీ ఉందని మనకెవరు చెప్పారు? కంప్యూటర్లు చూసే ఈడీపీ మేనేజరు అని ఒకాయన ఉండేవాడు, అకౌంట్స్ సెక్షన్ వెనకాల ఏసీ గదిలో, చెప్పులు బయట విప్పి లోపలికెళ్ళాలి. సీఐఓ అనే హోదా గురించి అమెరికాలో గట్టిగా మాట్లాడటం మొదలైందే 1980ల మొదట్లో, బోస్టన్‌లో బ్యాంకు ఉద్యోగి విలియం సినాట్ లాంటివాళ్ళతో. ఆ తర్వాత వచ్చిన పదవులు చాలావరకు భయంలోంచి వచ్చాయి. 1994లో వ్లాదిమిర్ లెవిన్ అనేవాడు రష్యాలో కూర్చుని సిటీ బ్యాంకు ఖాతాల్లోంచి కోటి డాలర్ల దాకా తరలించాడు. మరుసటేడు ఆ బ్యాంకు స్టీవ్ కాట్జ్‌ని తెచ్చి సమాచార భద్రతకి పెద్దని చేసింది. సీసో అనే జాతికి మూలపురుషుడు ఆయనే అంటారు. వైటూకే, అదే 2000 సంవత్సరం రాగానే కంప్యూటర్లు తేదీలు తప్పి ఆగిపోతాయన్న భయం, ఆ సంగతి మనకి తెలిసిందే. అమీర్‌పేటలో కోబాల్ అనే పాత ప్రోగ్రామింగ్ భాష నేర్చుకుని మన సీనియర్లు సగంమంది విమానమెక్కారు. ఏడాదికి 65 వేలుండే హెచ్1బి కోటా 2001కల్లా 1,95,000 అయింది. ఆ గండం కోసమే కదా అమెరికా బోర్డు రూముల్లో సిస్టమ్స్ వాళ్ళకి మొదటిసారి కుర్చీ వేసింది! కాబట్టి బావా, మీ కంపెనీ ఈ కుర్చీ ఇప్పుడెందుకు వేస్తోంది, ఏ భయంతో వేస్తోంది, అది ముందు కనుక్కో. పాత క్లెయిముల సిస్టమ్ మార్చాలనా? ఆడిట్‌లో ఏదైనా దొరికిందా? లేక నీ ముందువాడు మధ్యలో వదిలేసి వెళ్ళాడా?

ఇంకో మాట, హోదా పేరు చూసి మురిసిపోకు. సీఐఓ అంటే కంపెనీ తన పని తాను నడుపుకోడానికి కావాల్సిన సిస్టమ్‌లు చూసేవాడు, సీటీఓ అంటే బయటికి అమ్మే సరుకులోని టెక్నాలజీ చూసేవాడు అని మనం అనుకుంటాం. బయట చూస్తే ఒక కంపెనీలో సీటీఓ సర్వర్లు కాసుకుంటాడు, ఇంకో కంపెనీలో సీఐఓ కింద పనిచేస్తాడు. అమెరికా కంపెనీలు హైదరాబాదులో పెట్టిన మీ సెంటర్ల సంగతి మరీ వింత. విజిటింగ్ కార్డు మీద "హెడ్" అని ఉంటుంది, పదివేలు ఖర్చుపెట్టాలంటే న్యూజెర్సీలో తెల్లారేదాకా ఆగాలి.

ఇక సంతకం గురించి. నీకు రాయాలని కూర్చున్నదే దీనికోసం.

ఇంగ్లండులో టీఎస్‌బీ అని ఒక బ్యాంకుంది. 2018 ఏప్రిల్లో పాత సిస్టమ్ నుంచి కొత్త దానికి ఖాతాలన్నీ ఒక్క వారాంతంలో మార్చారు. సోమవారానికి గోల. దాదాపు 19 లక్షలమంది ఖాతాదారులు తమ ఖాతాల్లోకి వెళ్ళలేకపోయారు. బ్యాంకుకి 2022లో 4.86 కోట్ల పౌండ్ల జరిమానా పడింది. బ్యాంకులకి జరిమానాలు మామూలే అనుకో. కానీ 2023లో అక్కడి నియంత్రణ సంస్థ అప్పటి సీఐఓ మీద విడిగా, ఆయన పేరుమీదే, 81,620 పౌండ్ల జరిమానా వేసింది. ఆయన డబ్బు తిన్నాడని కాదు. పని చేసే సప్లయరు "మేం సిద్ధం" అంటే, ఆ మాటని తగినంతగా తవ్వి చూడకుండా ముందుకెళ్ళాడని. రేపు నీ టేబుల్ మీదికి కూడా అలాంటి కాగితాలే వస్తాయి బావా. ఆర్కిటెక్ట్‌గా ఉన్నప్పుడు నువ్వు "నాకు నమ్మకం లేదు" అని మెయిల్ పెట్టి ఇంటికెళ్ళి పడుకోవచ్చు. ఆ కుర్చీలో ఆ మెయిల్ వచ్చేదే నీకు.

మన దగ్గరకొస్తే, సత్యం కంప్యూటర్స్. ఇక్కడ ఆ పేరెత్తితే ఇవాళ్టికీ రెండు గుంపులు. ఒకరు 108 అంబులెన్సుల గురించి చెబుతారు, ఇంకొకరు షేర్లలో పోయిన డబ్బు గురించి. నేను ఆ తగువులోకి పోను. 2009 జనవరి 7న, లెక్కలు పెంచి చూపించామని ఒప్పుకుంటూ ఛైర్మన్ రామలింగరాజు గారు రాసిన ఉత్తరం బయటికొచ్చింది, 2015లో ప్రత్యేక కోర్టు శిక్ష వేసింది. టెక్నాలజీ వాడిగా నాకు గుర్తుండిపోయింది మాత్రం వేరే. దొంగ ఇన్‌వాయిస్‌లు కంపెనీ బిల్లింగ్ సిస్టమ్‌లోకే ఎక్కాయని, పని చేసే విభాగాలకి అవి కనపడకుండా దాచగలిగే ప్రత్యేకమైన లాగిన్ వాడారని సీబీఐ చెప్పింది. సిస్టమ్‌లో ఏదైనా చూసి మార్చగల ఆ సూపర్ యూజర్ తాళం ఎవరి జేబులో ఉంది, వాడు ఏం చేశాడో ఎవరికి కనపడుతుంది అన్న ప్రశ్న ఆరోజు నుంచి నాకు ఆడిట్ కాగితంలో గడిలా కనపడటం మానేసింది.

నా సంగతీ కాస్త చెబుతాను, లేకపోతే రొయ్యల కంపెనీలో కూర్చుని మాకు పాఠాలా అంటావు. పోయినేడు వనామీ పట్టుబడులు జోరుగా ఉన్నప్పుడు ఒకరోజు సరుకు దింపుకునే చోట తూకం సాఫ్ట్‌వేర్ ఆగిపోయింది. ఉండి రోడ్డు దాకా వ్యాన్లు, లోపల ఐసు కరుగుతోంది. మా దగ్గర ఏ చెరువు సరుకు ఏ పెట్టెలోకి వెళ్ళిందో రాత ఉండాలి. సముద్ర ఉత్పత్తుల ఎగుమతులు చూసే ఎంపెడాలో నమోదైన చెరువేనా, యాంటీబయాటిక్ పరీక్ష అయిందా, అన్నీ ఆ లాట్ నంబరు మీదే ఉంటాయి. అది లేకుండా దింపుకుంటే ఐరోపా కొనుగోలుదారు కంటైనరు వెనక్కి కొడతాడు. నేను వెళ్ళి ఛైర్మన్ గారికి డేటాబేస్ లాక్ గురించి చెప్పబోయాను. ఆయన చెయ్యెత్తి, "ఏవయ్యా, ఆ లాకులూ గీకులూ నాకెందుకు? ఎన్ని టన్నులు ఆగింది, ఐసు ఎంతసేపు కాస్తుంది, ఆ రైతులకి ఏం చెప్పమంటావు?" అన్నారు. కాగితం చీటీల మీద లాట్ నంబర్లు రాసి, ట్రేలకి కట్టి సరుకు దింపుకున్నాం. గ్రేడింగ్ హాల్లో ఆడవాళ్ళు నాకంటే ముందే చీటీలు చించడం మొదలుపెట్టారు, పాత పద్ధతి వాళ్ళకి చేతిలోనే ఉంది. తర్వాతి నెల నేను రెండో సర్వరు కోసం పెట్టిన కాగితంలో సర్వరు గురించి రెండు లైన్లే ఉన్నాయి, మిగతాదంతా టన్నులే. ఆయన సంతకం పెట్టడానికి టీ చల్లారేంత సేపు కూడా పట్టలేదు. అంతకుముందు అదే సర్వరు కోసం నేను రాసిన రిపోర్టు బీరువాలో ఉంది, చక్కని బొమ్మలతో.

ఈ ఉద్యోగం ఎలా ఉంటుందంటే, దాళ్వాకి, అదే రెండో పంటకి, వంతులవారీగా నీళ్ళిచ్చే రోజుల్లో మన కాలవ మీద నీళ్ళు వదిలే లస్కరు చేసే పనిలా ఉంటుంది. నీళ్ళొచ్చినన్నాళ్ళూ వాడి పేరు ఎవడికీ తెలియదు. శివారు చేను ఎండిందంటే అర్ధరాత్రి కూడా వాడి ఇంటి తలుపు కొడతారు. పైనున్నవాళ్ళు ఎక్కువ లాగేసుకుంటే, ఆ మాట వాళ్ళ మొహం మీద చెప్పే అధికారం వాడికి ఉందా లేదా అన్నదే అసలు సంగతి.

నీకూ అదే అడుగుతున్నాను. నువ్వు ఎవరికి జవాబు చెప్పాలి? సీఈఓకా, ఫైనాన్స్ ఆయనకా? ఫైనాన్స్ కింద పడితే ప్రతి ఏడూ నిన్ను ఖర్చుగానే చూస్తారు, ఎంత తగ్గించావనే అడుగుతారు. బడ్జెట్‌లో పాతవి నడపడానికి పోగా కొత్తవాటికి ఎంత మిగులుతుంది, ఆ మిగిలినదాని మీద చివరి మాట నీదా? సప్లయరుని మార్చే హక్కు ఉందా, లేక ఒప్పందం అమెరికాలో ఎప్పుడో కుదిరిపోయిందా? నీ కింద 400 మంది అన్నావు. అందులో ఎంతమందిని నువ్వు తీసుకోగలవు, ఎంతమంది పేరుకే నీ కింద ఉండి, చుక్కల గీతతో వేరేవాడికి కట్టుబడి ఉన్నారు? సైబర్ దాడి జరిగితే బోర్డు ముందు నిలబడేది నువ్వా, నీ తరఫున ఇంకొకరా? ఇవి అడిగితే ఆఫర్ పోతుందేమో అని భయపడకు. ఈ ప్రశ్నలకే మొహం మాడ్చుకునేవాళ్ళు రేపు ప్రాజెక్టు మునుగుతుంటే నీ మాట వింటారా?

నువ్వు ఇకమీదట కోడ్ రాయలేవని బెంగపడుతున్నావు. అది నాకు అర్థమవుతుంది, కానీ పెద్ద బెంగ పెట్టుకోవాల్సింది దానిగురించి కాదనుకుంటాను. రాత్రి తొమ్మిదింటికి మొదలయ్యే కాల్స్ గురించి చెల్లాయితో మాట్లాడావా? పిల్లది టెన్త్‌కి వస్తోంది. మా ఆవిడ ఈ ఉత్తరం పైనుంచి చదివి, "ఇదంతా రాశారు సరే, వాళ్ళావిణ్ణి ఎవరైనా అడిగారా?" అంది. ఆ పద్దు కూడా నీ లెక్కలో వేసుకో.

నన్ను తేల్చి చెప్పమంటే, సీఈఓ కిందే ఉండి, ఆ 400 మందిలో సగమైనా నీ చేతికిందే ఉంటే ఒప్పుకో. ఫైనాన్స్ కింద, చుక్కల గీతలతో అయితే ఇంకో ఏడాది ఆర్కిటెక్ట్‌గానే ఉండి, ఈలోగా మీ క్లెయిముల విభాగంలోకి ఒక ఆరు నెలలు జరిగి పనిచెయ్యి. జీతం పెరగదు, కానీ క్లెయిము ఎందుకు ఆగుతుందో కస్టమర్ తిట్టుకుంటుంటే విని తెలుసుకుంటావు.

ఆఫర్ లెటర్‌లో రిపోర్టింగ్ ఎవరికో రాసిన పేజీ ఉంటుంది, ఫోటో తీసి పంపు. జీతం పేజీ నాకక్కర్లేదు, అది మీ నాన్నగారు గుడి దగ్గర ఎలాగూ చెబుతారు.

నీ బావ