అన్ని వైఫై పేర్లూ అన్ని గదుల్లో దేనికి?

సంపాదకులకు,

నెల్లూరు, కావలి, ఒంగోలు పట్టణాల్లో కొత్తగా కట్టిన కల్యాణ మండపాల్లో ఫోన్ తీసి వైఫై జాబితా చూస్తే నాలుగైదు పేర్లు కనబడుతున్నాయి. ఆఫీసుది ఒకటి, అతిథులది ఒకటి, కెమెరాలది ఒకటి, వేదిక దగ్గర లైవ్ ఇచ్చేవాళ్లది మరొకటి. పేర్లు వేరువేరుగా ఉండటం మంచిదే. ఆ పేర్లన్నీ భోజనశాలలోనూ, పైఅంతస్తు గదుల్లోనూ, వరండాలోనూ, అంటే బిగించిన ప్రతి యాక్సెస్ పాయింటు (వైఫై సిగ్నల్ ఇచ్చే పెట్టె) నుంచీ రావడంతోనే వస్తోంది చిక్కంతా. 'నెట్ స్లో' అని పెళ్లివారు గొడవపడితే యజమాని ఇంకాస్త పెద్ద ఫైబర్ ప్లాను తీసుకుంటాడు. డబ్బు పోతుంది, స్పీడు మాత్రం రాదు. లైను బాగానే ఉంది. గాలిలోనే చోటు లేదు.

ఎందుకో లెక్కలోనే తేలుతుంది. యాక్సెస్ పాయింటు తనలో పెట్టిన ప్రతి పేరుకీ విడివిడిగా, సెకనుకు దాదాపు పదిసార్లు (కచ్చితంగా చెప్పాలంటే 102.4 మిల్లీసెకన్లకోసారి) చాటింపు వేస్తుంది. దీన్నే బీకన్ అంటారు. వైఫై వాడే రేడియో పట్టీల్లో ఒకటైన 2.4 గిగాహెర్ట్జ్‌లో ఈ చాటింపు మామూలుగా అన్నిటికంటే నెమ్మదైన 1 ఎంబీపీఎస్ వేగంతో వెళుతుంది. 300 బైట్ల బీకన్‌కి 2.6 మిల్లీసెకన్లు పడుతుంది. ఒకే ఛానెల్ మీద ఒకదానికొకటి వినబడే యాక్సెస్ పాయింట్లు మూడు, ఒక్కోదాంట్లో పేర్లు నాలుగు అనుకుందాం. పన్నెండు చాటింపులకే 31 మిల్లీసెకన్లు అయిపోతాయి. అంటే ఒక్క వాట్సాప్ ఫొటో కూడా కదలకముందే గాలిలో దొరికే సమయంలో 30 శాతం ఖర్చయిపోయిందన్నమాట. 2.4లో ఒకదానితో ఒకటి కలవని ఛానెళ్లు 1, 6, 11 మాత్రమే కనుక ఏడెనిమిది యాక్సెస్ పాయింట్లున్న భవనంలో ఈ పరిస్థితి తప్పదు.

పేరు దాచిపెడితే సరిపోతుందని కొందరు చెబుతుంటారు. సరిపోదు. దాచినా బీకన్ వెళుతూనే ఉంటుంది, అందులో పేరు ఒక్కటే ఖాళీగా ఉంటుంది. పైగా ఆ పేరును గుర్తుపెట్టుకున్న ఫోన్లు ఎక్కడికెళ్లినా దాన్నే పేరుపెట్టి పిలుస్తూ తిరుగుతాయి. కనీస వేగాన్ని 6 లేదా 12 ఎంబీపీఎస్‌కి పెంచితే చాటింపు ఖర్చు బాగా తగ్గుతుంది, అది తప్పక చేయాలి. అయితే దానికంటే ముందు చేయాల్సింది, ఏ పేరు ఏ యాక్సెస్ పాయింటులో ఉండాలో తేల్చుకోవడం.

తేల్చుకోవడానికి ఒకే కొలత చాలు: ఆ పేరు వాడేది కదిలేదా, కదలనిదా? నడిచే మనుషులకి భవనమంతటా ఒకే పేరు ఉండాలి. కెమెరా, ప్రింటరు, బిల్లింగ్ కంప్యూటరు ఉన్నచోటే ఉంటాయి కనుక వాటి పేరు వాటి దగ్గరున్న యాక్సెస్ పాయింటులోనే ఉండాలి. లాడ్జీల్లో దీన్ని తలకిందులు చేసి గదికో పేరు పెడుతున్నారు. ఒకే పేరైతే సిగ్నల్ బలం మైనస్ 70, 75 డీబీఎం దగ్గరికి పడగానే ఫోన్ పక్క యాక్సెస్ పాయింటును వెతుక్కుంటుంది. పేరు మారితే వెతకదు. మూడో అంతస్తు పేరునే పట్టుకుని కింద టిఫిన్ హాలు దాకా ఒక్క గీతతో ఈడ్చుకొస్తుంది. చివరికి తెగి కొత్త పేరు పట్టుకున్నా మాట్లాడుతున్న వాట్సాప్ కాల్ పోతుంది. గదికో పాస్‌వర్డ్ కావాలంటే పేరు ఒకటే ఉంచి, గదికొక కీ ఇచ్చే పీపీఎస్‌కే పద్ధతి చాలా కంట్రోలర్లలో (యాక్సెస్ పాయింట్లన్నిటినీ ఒకచోట నుంచి నడిపే సాఫ్ట్‌వేర్లలో) ఉంది. ఎక్కువగా డబ్ల్యూపీఏ2 అనే వైఫై రక్షణ పద్ధతితోనే పనిచేస్తుంది, ఆ పరిమితి తెలుసుకుని పెట్టుకోవాలి.

వేదిక సంగతి వేరు. లైవ్ ఇచ్చేవాళ్ల పేరు వేదిక పక్కనున్న ఒక్క యాక్సెస్ పాయింటులోనే, అదీ 5 గిగాహెర్ట్జ్‌లో మాత్రమే పెట్టాలి. అందులో అతిథుల పేరు అసలు ఉండకూడదు. ఛానెల్ 36 నుంచి 48 లోపుగానీ, 149 నుంచి 161 లోపుగానీ ఎంచుకోవాలి. మధ్యలోని 52 నుంచి 144 వరకు రాడార్లతో పంచుకునే ఛానెళ్లు. రాడార్ జాడ తగిలితే యాక్సెస్ పాయింటు వెంటనే ఆ ఛానెల్ వదిలేయాలి. అలాంటి ఇంకో ఛానెల్‌కి వెళితే కనీసం నిమిషం పాటు వింటూ కూర్చోవాలి. సరిగ్గా తాళి కట్టే వేళకి అమెరికాలో ఉన్న మేనత్తకి తెర ఆగిపోయేది అందుకే. నిజానికి లైవ్‌కి కేబులే మేలు. మండపం కట్టేటప్పుడే వేదిక పక్క గోడలో ఒక ల్యాన్ పోర్టు వదిలితే ఈ పేరే అక్కర్లేదు.

ఇక అమరిక. ముందు రౌటర్లో వీల్యాన్లు (ఒకే తీగలో విడివిడిగా నడిచే నెట్‌వర్కులు) విడదీయాలి: ఆఫీసుకి 10, అతిథులకి 20, కెమెరాలకి 30, లైవ్‌కి 40 అనుకోండి. అతిథుల వీల్యాన్‌కి 255.255.255.0 మాస్క్ (ఎన్ని చిరునామాలుండాలో తేల్చే అంకె) పెడితే రౌటరు పోను 253 చిరునామాలే మిగులుతాయి. లీజు (ఫోన్‌కి ఇచ్చిన చిరునామా గడువు) 24 గంటలుంటే ఉదయం ముహూర్తానికి వచ్చి వెళ్లినవాళ్ల ఫోన్లే వాటిని పట్టుకుని ఉంటాయి, సాయంత్రం రిసెప్షన్‌కి వచ్చినవాళ్లకి ఒక్కటీ మిగలదు. మాస్క్‌ని 255.255.252.0 చేసి చిరునామాలు పెంచి, లీజు రెండు గంటలకి తగ్గించాలి. ఆండ్రాయిడ్ 10, ఐఓఎస్ 14 నుంచి ఫోన్లు ఒక్కో వైఫై పేరుకి ఒక్కో మ్యాక్ అడ్రసు (పరికరాన్ని గుర్తుపట్టే సంఖ్య) చూపిస్తాయి. పేర్లు ఎక్కువైతే ఒకే ఫోన్ రెండు మూడు ఫోన్లుగా లెక్కలోకి వచ్చేది ఇందువల్లే. మ్యాక్ చూసి అనుమతించే పద్ధతి కూడా ఇక్కడే దెబ్బతింటుంది.

తర్వాత స్విచ్, అంటే కేబుళ్లన్నీ వచ్చి కలిసే పెట్టె. యాక్సెస్ పాయింటుకి వెళ్లే పోర్టులో, దాని పేర్లకి సంబంధించిన వీల్యాన్లు ట్యాగ్ (వీల్యాన్ నంబరు ముద్ర) అయి ఉండాలి, మేనేజ్‌మెంటుది ట్యాగ్ లేకుండా ఉండాలి. ఇది మరిచిపోతే కనబడే లక్షణం ఎప్పుడూ ఒకటే: పేరు కనబడుతుంది, పాస్‌వర్డ్ తీసుకుంటుంది, ఫోన్ ఐపీ అడ్రసు కోసం తిరుగుతూ ఉండిపోతుంది, ల్యాప్‌టాప్‌లో 169.254తో మొదలయ్యే అడ్రసు వస్తుంది. అది కనబడితే యాక్సెస్ పాయింటు మార్చడం దండగ, పోర్టు చూడాలి. మధ్యలో ఎవరో వీల్యాన్లు తెలియని అయిదు పోర్టుల మామూలు స్విచ్ తగిలించారేమో కూడా చూడాలి.

పేరును యాక్సెస్ పాయింటుకి ముడివేసే పద్ధతి కంట్రోలర్‌ని బట్టి మారుతుంది. యూనిఫై అనే కంట్రోలర్లో పేరు తెరిచి, అది ఏ యాక్సెస్ పాయింట్లలో రావాలో అక్కడే గ్రూపుగా ఎంచుకుంటాం. ఒమాడా అనే కంట్రోలర్లో, చాలా వెర్షన్లలో, దారి ఎదురు: పేర్లని డబ్ల్యూల్యాన్ గ్రూపులో పెట్టి, ఆ గ్రూపును యాక్సెస్ పాయింటుకి ఇస్తాం. దాంతో అతిథుల పేరు రెండు గ్రూపుల్లో కావాలంటే రెండుసార్లు తయారుచేయాలి. ఒకదాంట్లో డబ్ల్యూపీఏ2, రెండోదాంట్లో డబ్ల్యూపీఏ3 పడినా, పేరు చివర కనబడని ఖాళీ ఒకటి దొర్లినా, హాల్లో కలిసిన ఫోన్ గదుల్లోకి రాగానే మొండికేస్తుంది. కంట్రోలర్ లేకుండా రెండు మూడు ఇంటి రౌటర్లతో సర్దుకునే చిన్న హోటళ్లలోనైతే రెండో రౌటర్లో చిరునామాలు పంచే డీహెచ్‌సీపీ ఆపి, (మొదటిది 192.168.1.1 అయితే) దీని ఐపీని 192.168.1.2గా మార్చి, కేబుల్‌ని ఇంటర్నెట్ వచ్చే వ్యాన్ పోర్టుకి కాకుండా ల్యాన్ పోర్టుకి గుచ్చి, అందులో కావలసిన పేరు పెడితే చాలు. వీల్యాన్ రక్షణ మాత్రం ఉండదు, కనుక ఆఫీసు కంప్యూటర్లు దాని మీద పెట్టకూడదు.

తెలుగులో పేరు పెట్టుకుంటామనేవాళ్లకి ఒక మాట. వైఫై పేరుకి 32 బైట్లే హద్దు. తెలుగులో అక్షరం, గుణింతపు గుర్తు, పొల్లు, సున్నా ప్రతిదీ మూడేసి బైట్లు తింటుంది. 'కల్యాణ మండపం' అన్న రెండు మాటలే 34 బైట్లు, పట్టవు. 'ఒంగోలు' 18, హాయిగా పడుతుంది.

కొత్తపట్నం, విడవలూరు వైపు రొయ్యల చెరువుల మీద పరిస్థితి వేరు. అక్కడ షెడ్డుకో పేరు పెట్టడమే సరైనది. మీటర్లు, కెమెరాలు కదలవు; పైగా ఏ పేరు మాయమైతే ఆ షెడ్డులో కరెంటో కేబులో పోయిందని గట్టు మీద నుంచే తెలుస్తుంది. వైఫైతో నడిచే చిన్న పరికరాలు చాలావరకు 2.4నే పట్టుకుంటాయి, కాబట్టి ఆ పేరులో 5ని ఆపేయాలి. అక్కడి శత్రువు ఉప్పుగాలి. కేబుల్ చివరి క్లిప్పు ఊడదీసి చూస్తే ఆర్‌జే45 పిన్నుల మీద పచ్చటి పొడి పేరుకుని ఉంటుంది. అదే తీగలో పీఓఈ (యాక్సెస్ పాయింటుకి ల్యాన్ కేబుల్లోనే పంపే) కరెంటు కూడా పారుతుంది కనుక ఈ తినేయడం ఇంకా వేగంగా జరుగుతుంది. మూత బిగుతుగా ఉండే పెట్టె, పిన్నులకి డైఎలెక్ట్రిక్ గ్రీజు, కేబుల్ పెట్టెలోకి వెళ్లే ముందు నీరు కారిపోయేలా కిందికో వంపు, ఈ మూడూ ఉండాలి. రాగి కేబుల్ 100 మీటర్లు దాటకూడదు, దాటితే ఫైబరో వైర్‌లెస్ బ్రిడ్జో వేసుకోవాలి.

అంతా సవ్యంగా పెట్టాక చెడేది మార్పిడి రోజున. పిడుగుపాటుకి ఒక యాక్సెస్ పాయింటు పోయి కొత్తది బిగిస్తే, అది చాలా కంట్రోలర్లలో 'అన్నీ' అనే మొదటి గ్రూపులోకి పోయి పడుతుంది. ఆఫీసు పేరు భోజనశాలలో ప్రత్యక్షమవుతుంది. మైక్రోటిక్ వాళ్ల కంట్రోలర్ క్యాప్స్‌మ్యాన్‌లో రేడియో మ్యాక్‌ని బట్టి నియమం రాసి ఉంటే కొత్తదానికి అది వర్తించదు, కావలసిన పేరే రాదు. అందుకని పని ఒప్పుకునేటప్పుడే యజమాని నాలుగు అడిగి తీసుకోవాలి: యాక్సెస్ పాయింట్ల చోట్లతో గీసిన ప్లాను, ఏ పేరు దేంట్లో ఉందో చెప్పే పట్టిక, కంట్రోలర్ లాగిన్, బ్యాకప్ ఫైలు. లాగిన్ తమ దగ్గరే ఉంచుకుని, ప్రతి చిన్న మార్పుకీ తామే రావాలని చెప్పేవాళ్లున్నారు. బిల్లులో చివరి వాయిదా లాగిన్ చేతికొచ్చాకే ఇవ్వండి.

— నెట్‌వర్కింగ్ టెక్నీషియన్లు, కావలి