ఒక్క మెతుకు పట్టి చూడు, శీనూ

హైదరాబాద్,
ఆదివారం రాత్రి

ఒరేయ్ శీనూ,

మొన్న ఫోన్లో నువ్వన్న మాట ఇంకా చెవిలోనే ఉందిరా. "ఆట పూర్తిగా తయారై బయటికొచ్చాక ఆడుకోవచ్చు కదా, ఉడికీ ఉడకని అన్నం ఎందుకు తింటావ్?" అన్నావు. ఇంతలో మీ పాప లేచిందని పెట్టేశావు. జవాబు నా దగ్గరే ఉండిపోయింది. అందుకే ఈ ఉత్తరం. పొడుగవుతుంది, తీరిక చూసుకుని చదువు.

మీ అమ్మ అన్నం వండేటప్పుడు ఎప్పుడైనా చూశావా? దించే ముందు గరిటెతో ఒక్క మెతుకు తీసి వేళ్ల మధ్య నలిపేది. ఆ మెతుకు ఆకలి తీర్చుకోవడానికి కాదు కదా. నేను బీటాలు, అంటే విడుదలకు ముందు పరీక్షించడానికి ఇచ్చే వీడియో గేములు, ఆడేది కూడా అలాగే.

మనం ఆడిన తుపాకుల ఆట కౌంటర్ స్ట్రైక్‌కి కొత్త రూపం, కౌంటర్ స్ట్రైక్ 2 సంగతి నీకు సరిగ్గా చెప్పనే లేదు. 2023 మార్చి 22న ఆటను ప్రకటించి, అదే రోజు లిమిటెడ్ టెస్ట్ అని కొద్దిమందికే తెరిచారు. వాళ్ల సర్వర్లలో ఎంతసేపు ఆడావు, ఖాతా మీద మచ్చేమైనా ఉందా, ఇలాంటివి చూసి పిలిచేవాళ్లు. నాకు వెంటనే రాలేదు. రోజూ ఆఫీసు నుంచి రాగానే బ్యాగు కూడా దించకుండా కంప్యూటర్ ఆన్ చేసి చూసేవాణ్ణి. చివరికి ఒక రాత్రి టెస్ట్‌లోకి రమ్మనే బటన్ కనిపించింది. మొదట్లో ఇచ్చింది ఒకే ఒక్క మ్యాపు, అంటే ఆట జరిగే చోటు. ఏదో తెలుసా? డస్ట్ టూ!

దిల్‌సుఖ్‌నగర్‌లో ఎంసెట్ కోచింగ్ ఎగ్గొట్టి, గంటకు పదిహేను రూపాయలు పెట్టి, నెట్ సెంటర్లో పక్కపక్క సిస్టమ్స్ మీద మనం తిరిగిన డస్ట్ టూ. కళ్లకు గంతలు కట్టినా నడవగలను దాంట్లో. అదే చోటు, అవే పెట్టెలు, అవే తలుపులు, కానీ వెలుగు వేరు. ఎండ గోడ మీద పడి ఎదురు గోడకి కూడా తెలుస్తోంది. చిన్నప్పుడు వదిలేసిన ఇంటికి సున్నం వేయించాక వెళ్లినట్టుంది.

మిడ్‌లో, అదే మ్యాపు నడిమధ్యలో, స్మోక్ అనే పొగబాంబు వేశాను. పాత ఆటల్లో పొగ ఒక్కొక్కరికీ ఒక్కోలా కనిపించేది, గుర్తుందా? అవతలివాడికి మనం కనబడేవాళ్లం, మనకి వాడు కనబడేవాడు కాదు, దానికోసం ఎన్ని గొడవలు పడ్డాం! ఇందులో అందరికీ ఒకటే పొగ. తలుపు సందులోంచి దూరి, మూలలు నింపుకుంటూ, ఉన్న చోటుని బట్టి సర్దుకుంటుంది. ఇంతలో అవతలి నుంచి ఎవడో పేలే హెచ్‌ఈ గ్రెనేడ్ విసిరాడు. పొగ నడిమధ్యలో పెద్ద కన్నం పడింది. ఆ కన్నంలోంచి ఒక్క క్షణం వాడి భుజం, తుపాకి కనబడ్డాయి, మళ్లీ పొగ కమ్ముకుంది. నేను కాల్చడం మర్చిపోయి చూస్తూ నిలబడిపోయాను. ఆ రౌండ్ పోయింది, పోతే పోయింది. ఇరవై ఏళ్లుగా ఆడుతున్న ఆటలో ఎన్నడూ చూడనిది చూశాను.

తర్వాత నీకోసం ఒకటి వెతికాను. నువ్వు ఏ సిస్టమ్ ముందు కూర్చున్నా ముందు కన్సోల్, అదే కమాండ్లు టైప్ చేసే పెట్టె, తెరిచి తుపాకిని ఎడమ చేతికి మార్చే కమాండ్ కొట్టేవాడివి కదా. అది అప్పటికి ఇందులో లేదు. 2024 ఏప్రిల్లో వచ్చింది. వచ్చిన రోజున నీకు మెసేజ్ పెడదామనుకున్నాను, అప్పుడే మీ ఇంట్లో ఆస్పత్రి హడావిడి.

అసలు చెప్పాలనుకున్నది ఇదిరా. ఆ మొదటి రాత్రి నిద్రపోయే ముందు నోట్‌బుక్కులో రెండు పేజీలు రాసుకున్నాను. ఎండ మరీ వెలుగ్గా ఉందని, ఆగి కాల్చేటప్పుడు కాలు ఎక్కడో వేరుగా పడుతున్నట్టుందని, అడుగుల చప్పుడు ఇంకా పోల్చుకోలేకపోతున్నానని. రెండు వారాలు ఆడాక ఆ పేజీలు తీసి చదివితే, వాటిలో సగం నేనే రాశానంటే నమ్మబుద్ధి కాలేదు. ఆ వెలుగు, ఆ చప్పుడు అప్పటికి నాకు మామూలైపోయాయి. రాసుకోకపోతే మొదటి రోజు నాకేమనిపించిందో చెప్పడానికి ఇంకెవరూ ఉండేవారు కాదు.

అసలు కౌంటర్ స్ట్రైకే బీటాల్లో పెరిగిన ఆటరా. 1999 జూన్‌లో మొదటి బీటా వదిలినప్పుడు అది హాఫ్-లైఫ్ అనే వేరే ఆట మీద కట్టిన మాడ్, అంటే ఉన్న ఆటను మార్చి చేసుకున్న కొత్త ఆట. చేసింది ఇద్దరు, మిన్ లే, జెస్ క్లిఫ్. ఆ మొదటి బీటాలో బాంబు లేదు! బందీలను విడిపించడం ఒక్కటే. బాంబు పెట్టడం, పేలకుండా తీయడం నాలుగో బీటాలో వచ్చాయి, డస్ట్ మ్యాపు కూడా అప్పుడే. ఆడినవాళ్లు చెబుతూ పోయారు, వీళ్లు మారుస్తూ పోయారు. 2000 నవంబరులో అంగట్లోకి వచ్చిన ఆట ఆ మాటలన్నీ కలిసి ముద్దయినది. నువ్వు చివరి పది సెకన్లలో బాంబు తీసి మనల్ని గెలిపించిన ఆ మ్యాచ్‌లు కూడా ఆ బీటాల పుణ్యమే.

అన్ని బీటాలూ ఒక రకం కాదులే. కొన్ని విడుదలకు రెండు నెలల ముందు వారాంతంలో అందరికీ తెరుస్తారు. 2025 ఆగస్టులో బ్యాటిల్‌ఫీల్డ్ 6 అలాగే తెరిచారు. ఆటలు కొనుక్కుని ఆడే స్టీమ్ అనే వేదికలోనే ఒకేసారి ఐదు లక్షల మందికి పైగా ఆడారు. ఆట అక్టోబర్ 10న వచ్చింది. అలాంటిచోట సర్వర్లు బరువు మోస్తాయా, ఏ తుపాకి మరీ ఎక్కువైంది, ఇవే తేలేది. మ్యాపుల్ని మళ్లీ కట్టే వ్యవధి ఉండదు. బాల్డర్స్ గేట్ 3 దారి వేరు. 2020 అక్టోబరులో మొదటి అంకం మాత్రమే చేతికిచ్చి, దాదాపు మూడేళ్లు జనం ఆడుతుంటే చూస్తూ, 2023 ఆగస్టులో మొత్తం ఇచ్చారు. నాకు ఇదే ఎక్కువ ఇష్టం. ఆడేవాడి మాటకు అక్కడ చోటుంది.

ఇప్పుడు నేను ఆడుతున్నది మాత్రం చాలా చిన్న ఆట. చేస్తున్నది నలుగురే. వాళ్లు బయటపెట్టేదాకా పేరు చెప్పకూడదు. కొండ లోపల పాత గనిలో దారి వెతుక్కుంటూ దిగాలి. మొదటి వారంలో నిచ్చెన దగ్గర నేల చీలినట్టు కిందికి జారిపోయాను. మళ్లీ పైకెళ్లి అదే పని పదిసార్లు చేశాను. చేతిలో దీపం ఉంటే పదింట ఏడుసార్లు పడిపోతున్నాను, లేకపోతే ఒక్కసారీ పడటం లేదు. ఏ మెట్టు, ఏ చేయి, ఎటు చూస్తూ దిగాను, అన్నీ వీడియోతో సహా పంపాను. నాలుగు రోజుల్లో కొత్త బిల్డ్, అంటే సరిచేసిన ఆట, వచ్చింది. దీపం పట్టుకుని దిగాను, కాలు నేల మీద నిలబడింది. ఆ సంతోషం నీకు ఎలా చెప్పాలి? ఎక్కడో ఎవరో కట్టిన మెట్టు నా మాటతో గట్టిపడింది.

అలాంటి బగ్‌ని, ఆటలోని తప్పుని, ఇవాళ కాకపోతే రేపు ఇంకొకరైనా పట్టుకునేవాళ్లు. కానీ అదే గనిలో ఒకచోట నేను ఇరవై నిమిషాలు దారి తెలియక తిరిగాను. అది కూడా రాసి పంపాను. వాళ్లు అక్కడ ఏదో మార్చారు. బాగుందా అని నన్నడిగారు. నేను చెప్పలేనురా! నాకు దారి తెలిసిపోయింది. ఎంత ప్రయత్నించినా తెలియనివాడిలా ఆ చోటుని చూడలేను.

నువ్వు చూడగలవు. తెలిసినవాళ్లను ఒక్కొక్కరిని తీసుకురావచ్చన్నారు, నీ పేరు ఇచ్చేశాను. ఎక్కడ తప్పిపోయానో, ఏం మార్చారో ఈ ఉత్తరంలో కావాలనే రాయలేదు. శనివారం పాప పడుకున్నాక నాకు వీడియో కాల్ చేసి, స్క్రీన్ షేర్ చేసి ఆడు. పక్కన కాగితం, పెన్ను పెట్టుకో. నేను ఒక్క ముక్క మాట్లాడను. నువ్వు అడిగినా సరే చెప్పను.

నీ
రాజు