ర్యామ్స్ సొమ్ము ముందు కప్పులేని ఇళ్లకు

సంపాదకుల వారికి నమస్కారం.

మీ పత్రిక ప్రవాస పేజీలో సెయింట్ లూయిస్ నగరం గురించి వచ్చిన వ్యాసం చదివాను. ర్యామ్స్ అనే అమెరికన్ ఫుట్‌బాల్ జట్టు మీద కేసు గెలిచి నగరం 79 కోట్ల డాలర్లు రాబట్టిందని, ఆ డబ్బుతో డౌన్‌టౌన్‌ను బాగుచేస్తే కంపెనీలు వస్తాయని, మన పిల్లలకు ఉద్యోగాలు దొరుకుతాయని రాశారు. వ్యాసకర్త ఉద్దేశం మంచిదే. కానీ అందులో లెక్క సరిగా లేదు, ఆ డబ్బు ముందుగా ఎవరికి చేరాలన్న ఊసే లేదు.

నాది ఖమ్మం. చాలా ఏళ్లుగా ఈ నగరం ఉత్తర భాగంలోని ఒక మందుల షాపులో ఫార్మసిస్టుగా పనిచేస్తున్నాను. ఉండేది మాత్రం పడమటి శివార్లలో, గుడికి దగ్గర్లో, మనవాళ్లు ఎక్కువగా ఉండే వైపు. అందుకని నగరంలో నాకు ఓటు లేదు. నగరంలో పనిచేసేవాళ్ల జీతాల మీద వేసే ఒక శాతం పన్ను మాత్రం నా జీతంలోనూ కోస్తారు. ఆ పన్ను కట్టే మనిషిగా, కౌంటర్ వెనక నిలబడి ఆ వీధుల మనుషులను రోజూ చూసే మనిషిగా ఇది రాస్తున్నాను.

ముందు లెక్క చెబుతాను. 1995లో లాస్ ఏంజెలిస్ నుంచి ర్యామ్స్ జట్టును రప్పించడానికి ఇక్కడ ప్రజల సొమ్ముతో డోమ్ స్టేడియం కట్టారు. దాని అప్పుకూ నిర్వహణకూ ఏటా రాష్ట్రం 1.2 కోట్ల డాలర్లు, శివార్ల పాలన చూసే కౌంటీ 60 లక్షలు, నగరం 60 లక్షలు కడుతూ వచ్చాయి. దేశంలోని మేటి స్టేడియాల్లో మొదటి పావు వంతులో ఇది ఉండాలని, లేకపోతే జట్టు లీజు వదులుకోవచ్చని ఒప్పందంలో రాసుకున్నారు. ఆ ఒక్క షరతు నగరం మెడకు ఉరి అయింది. 2016 జనవరిలో ఫుట్‌బాల్ లీగ్‌లోని జట్ల యజమానులు 30–2 ఓట్లతో ర్యామ్స్‌ను తిరిగి లాస్ ఏంజెలిస్‌కు పంపించారు. జట్టు పోయింది, స్టేడియం అప్పు వాయిదాలు మిగిలాయి. ఊరు మారడానికి లీగ్ తాను పెట్టుకున్న నియమాలను తానే తుంగలో తొక్కిందని 2017లో నగరం, కౌంటీ, స్టేడియం అథారిటీ కలిసి లీగ్ మీద, జట్టు యజమాని స్టాన్ క్రోంకీ మీద దావా వేశాయి. 2022 జనవరిలో జ్యూరీ ముందుకు రావలసిన కేసు 2021 నవంబరులో రాజీతో ముగిసింది. అంటే నగరం కేసు గెలవలేదు, రాజీపడింది.

ఆ 79 కోట్లలో లాయర్లకే 27 కోట్ల పైన పోయింది. మిగిలింది ఎవరికెంత అని తేల్చుకోవడానికి మరో ఏడాది పట్టింది. చివరికి నగరానికి 25 కోట్లు, కౌంటీకి 16.9 కోట్లు, స్టేడియం అథారిటీకి 7 కోట్లు, కన్వెన్షన్ సెంటర్ విస్తరణకు 3 కోట్లు అని పంచుకున్నారు. కాబట్టి నగరానికి దక్కింది 25 కోట్లు, దాని మీద వడ్డీ. మూడు లక్షల జనానికి తలా 830 డాలర్లు కూడా రాదు. 1950లో ఇక్కడ 8,56,796 మంది ఉండేవారు. 2020 జనగణనలో తేలింది 3,01,578. ఇంత ఖాళీ అయిన ఊరికి ఈ సొమ్ము పెద్ద నిధి ఏమీ కాదు. అందుకే ఎక్కడ పెట్టాలన్నది అంత ముఖ్యం.

ఈ సొమ్ము మీద ఇక్కడ జరిగినంత చర్చ మరి దేని మీదా జరగలేదేమో. డౌన్‌టౌన్‌కు పెట్టాలనేవాళ్లు చెప్పేదాంట్లో న్యాయం ఉంది. 44 అంతస్తుల ఏటీ అండ్ టీ టవర్ 2017 నుంచి ఖాళీగా నిలబడి ఉంది. ఆఫీసులు ఖాళీ అయితే నగరానికి వచ్చే ఒక శాతం జీతం పన్నూ పడిపోతుంది. పసిపిల్లల సంరక్షణకు ఇవ్వాలని కొందరు, పాత నీటి పైపులు మార్చాలని కొందరు అంటున్నారు. నీటి ఛార్జీలు 2023 జూలైలో ఒకసారి, ఆర్నెల్లకు మరోసారి, ఇరవై శాతం చొప్పున పెరిగాయి. ఆ బాధ మా కస్టమర్లు నాకూ చెప్పుకున్నారు. అసలు సొమ్మును ముట్టకుండా దాని వడ్డీతోనే పనులు చేయాలనే వాదన కూడా గట్టిగా ఉంది.

ఈ చర్చ ఇలా సాగుతుండగానే 2025 మే 16 మధ్యాహ్నం టోర్నడో వచ్చింది. సైరన్లు మోగలేదు. ఫారెస్ట్ పార్క్ చెట్లను పెళ్లగించుకుంటూ ఫౌంటెన్ పార్క్, లూయిస్ ప్లేస్, విల్, ఓఫాలన్, పెన్‌రోజ్ పేటల మీదుగా వెళ్లిపోయింది. మనుషులు చనిపోయారు. ఫౌంటెన్ పార్క్‌లో ఒక చర్చి కూలిపోయింది. నష్టం 160 కోట్ల డాలర్లని నగరం అంచనా వేసింది. తర్వాత ఆల్డర్‌మన్ల సభ, అంటే మన కార్పొరేటర్ల కౌన్సిల్ లాంటిది, ర్యామ్స్ సొమ్ములోంచి 3 కోట్లు సహాయానికి విడుదల చేసింది. అది మంచి పని. అది మొదటి వాయిదా మాత్రమే కావాలని నేనంటున్నాను.

మీ పాఠకులకు ఆ పేటల గురించి ఒక మాట చెప్పాలి. అక్కడివన్నీ ఎర్ర ఇటుక ఇళ్లు, చాలావరకు నూరేళ్ల నాటివి. వెలుపలి వరస ఇటుక బాగా కాలి గట్టిగా ఉంటుంది. లోపలి వరసలవి మెత్తటివి. కప్పు ఉన్నంతకాలం ఏమీ కాదు. కప్పు ఎగిరిపోయి వాన లోపలికి దిగితే ఆ మెత్తటి ఇటుక, సున్నం అతుకు నానిపోతాయి. చలికాలంలో ఆ తడి గడ్డకట్టి ఇటుకను పొడి చేస్తుంది. ఒకటి రెండు చలికాలాలకు గోడ పొట్ట ఉబ్బి బయటికి పడిపోతుంది. తర్వాత ఇటుక దొంగలు వస్తారు. ఇక్కడి పాత ఇటుకకు బయటి రాష్ట్రాల్లో మంచి ధర ఉంది. వడ్డీ పెరిగేదాకా ఆగుదామనేవాళ్లు ఈ చలికాలాల లెక్క కూడా వేయాలి.

మా షాపుకు వచ్చే ఒక పెద్దావిడ ఉంది. డెబ్బై దాటింది, ఇన్సులిన్ తీసుకుంటుంది. కరెంటు లేని ఆ రోజుల్లో తన ఇన్సులిన్ సీసాలను ఐస్ డబ్బాలో పెట్టుకుని తెచ్చింది. సీసాలు నేరుగా ఐస్‌కు ఆని గడ్డకట్టాయి, లేబుళ్లు నాని చేతికి అంటుకుంటున్నాయి. గడ్డకట్టిన ఇన్సులిన్ పనికిరాదమ్మా, ఇల్లు మరీ వేడెక్కకపోతే బయట పెట్టినా 28 రోజులు నిలుస్తుందని చెప్పి వేరేవి ఇచ్చాను. కొన్ని వారాల తర్వాత మళ్లీ వచ్చింది. ఈసారి చేతిలో మందుల చీటీ లేదు. జిప్ ఉన్న ప్లాస్టిక్ సంచిలో కాగితాలు తెచ్చి కౌంటర్ మీద ఒక్కొక్కటీ పరిచింది. ఇంటి పన్ను రశీదులు ఆవిడ కట్టినవే. నీటి బిల్లు, గ్యాస్ బిల్లు ఆవిడ పేరుతోనే ఉన్నాయి. మడతల దగ్గర చిరిగిపోయి టేపు వేసిన ఇంటి దస్తావేజు మాత్రం వాళ్ల తాత పేరు మీద ఉంది. తాత తర్వాత తల్లి, తల్లి తర్వాత ఈవిడ అక్కడే పుట్టి అక్కడే పెరిగారు. పేరు మాత్రం ఎవరూ మార్పించుకోలేదు. బీమా లేదు, బ్యాంకు అప్పు ఇవ్వదు. "బేబీ, నువ్వు చదువుకున్నదానివి, వీటిలో నా ఇల్లు నాదని చెప్పే కాగితం ఏదో చూసిపెట్టు" అంది.

ఇది మనకు తెలియని కథా? తాత పేరున ఉన్న పట్టా అలాగే ఉంచి ముగ్గురు కొడుకులు చెరో చెక్క దున్నుకుంటూ పోతారు, రైతు భరోసా పడే రోజున పాసుపుస్తకం లేదని మండలాఫీసు చుట్టూ తిరుగుతారు. అచ్చం అదే.

మిస్సోరిలో మనిషి పోయిన ఏడాదిలోగా వారసత్వ కేసులు చూసే ప్రొబేట్ కోర్టులో కేసు తెరవకపోతే, వారసులెవరో తేల్చమని వేరే దావా వేయాలి. చికాగోలో ఉన్న తమ్ముడు, అట్లాంటాలో ఉన్న అన్న పిల్లలు అందరికీ నోటీసులు వెళ్లాలి. దానికి లాయరు కావాలి, లాయరుకు డబ్బు కావాలి. కేంద్ర విపత్తు సంస్థ ఫెమా 2021 నుంచి ఇలాంటి వారసత్వ ఇళ్ల విషయంలో కాగితాల పట్టింపు కొంత సడలించింది. అయినా ఇంటికి అది ఇచ్చే సాయం టోర్నడో వచ్చిన ఏడాది గరిష్ఠంగా 43,600 డాలర్లు. కప్పు, పై అంతస్తు గోడ, కరెంటు వైరింగు మొత్తం పోయిన ఇంటికి అది ఏ మూలకు? అదీ గరిష్ఠం, అందరికీ వచ్చేది కాదు.

నేను చెప్పదలచుకున్నది ఇదే. ర్యామ్స్ సొమ్ముకు కేంద్రం షరతులు లేవు, రాష్ట్రం షరతులు లేవు. ఫలానా పనికే వాడాలన్న ముద్ర లేని డబ్బు నగరం చేతికి ఇంత మొత్తంలో రావడం అరుదు. డౌన్‌టౌన్ టవర్‌కు పన్ను రాయితీలు ఉన్నాయి, ప్రైవేటు పెట్టుబడి దొరుకుతుంది. నీటి పైపులకు కేంద్రం తక్కువ వడ్డీకి అప్పిస్తుంది, బాండ్లు అమ్మవచ్చు. పెద్దావిడ తాత పేరు మీద ఉన్న ఇంటికి బ్యాంకు రాదు, బీమా రాదు, డెవలపర్ వస్తే ఖాళీ చేయించడానికే వస్తాడు. వేరే ఏ డబ్బూ చేరలేని చోటికి ఈ డబ్బు చేరాలి. ఇంట్లో మనిషి ఉండగానే టైటిల్, అంటే ఇల్లు ఎవరిదన్నది, తేల్చే లాయర్లకు, కప్పులకు, గోడలకు ముందు పెట్టాలి. అద్దెకున్నవాళ్లను కూడా మరవకూడదు, ఆ వీధుల్లో వాళ్లే ఎందరో. ఆ తర్వాత మిగిలిన దానిలోంచి శాశ్వత నిధి పెట్టుకున్నా, పసిపిల్లల సంరక్షణకు ఇచ్చినా నాకు సంతోషమే.

"ఉత్తర భాగంలో పెట్టుబడి" అనే మాట వినగానే అక్కడి జనం నమ్మకపోవడానికి కారణం ఉంది. 1959 నుంచి మిల్ క్రీక్ వ్యాలీ అనే నల్లజాతివారి పేటను పునరుద్ధరణ పేరుతో మొత్తం నేలమట్టం చేశారు. 454 ఎకరాలు, దగ్గర దగ్గర ఇరవై వేల మంది, నలభైకి పైగా చర్చిలు. ఆ నేల మీదే ఇవాళ హైవే ఉంది, సాకర్ స్టేడియం ఉంది. మన తెలుగు పిల్లలు చదువుకుంటున్న సెయింట్ లూయిస్ యూనివర్సిటీ క్యాంపస్‌లో కొంత భాగం కూడా ఆ నేలే. అలాంటి పేటల్లో ఇళ్లు పోగొట్టుకున్నవాళ్లలో ఎందరో ప్రూయిట్-ఐగో అనే చోట, పదకొండంతస్తుల సర్కారు భవనాలు 33 ఉంటే, వాటిలో తలదాచుకున్నారు. 1954లో జనం దిగిన ఆ భవనాలను 1972 నుంచి కూల్చడం మొదలుపెట్టి 1976 నాటికి మొత్తం లేకుండా చేశారు. మొన్నటికి మొన్న, కేంద్ర నిఘా సంస్థ కార్యాలయం కోసం అదే ఉత్తర భాగంలో 97 ఎకరాల్లో ఉన్న ఇళ్లు తీసేశారు. ఇంత చూసినవాళ్ల దగ్గరికి మళ్లీ ఒక పథకం పట్టుకెళ్తే, ముందు నా ఇంటి కప్పు వేయండి, తర్వాత మాట్లాడదాం అంటారు. అనాలి కూడా.

మనవాళ్లతో నేరుగా ఒక మాట. టోర్నడో తర్వాత మన వాట్సాప్ గ్రూపుల్లో "నార్త్ సిటీలో ఇళ్లు కారు ధరకే, కొని పెట్టుకుంటే భవిష్యత్తులో బంగారం" అని మెసేజ్‌లు తిరిగాయి. ఆ లింకుల్లో నాకు తెలిసిన వీధులున్నాయి, మా షాపుకు వచ్చేవాళ్ల వీధులు. దయచేసి ఆ పని చేయకండి. కాగితం సరిగా లేక, లాయరు లేక, చలికాలం దగ్గరపడుతున్నదని భయపడి అమ్మేవాళ్ల దగ్గర కొనడం వ్యాపారం కాదు. కొనాలనే ఉంటే ఆల్డర్‌మన్ల సభ ఈ సొమ్ము సంగతి తేల్చేదాకా ఆగండి. అప్పటికీ వాళ్లే అమ్ముతామంటే న్యాయమైన ధర ఇవ్వండి.

లాయర్లుగా ఉన్న మనవాళ్లు ఈ నగరంలో కొందరైనా ఉన్నారు. లీగల్ సర్వీసెస్ ఆఫ్ ఈస్టర్న్ మిస్సోరి అనే సంస్థ పేదవాళ్లకు ఉచితంగా కేసులు చూస్తుంది. నెలకు ఒక పూట వాళ్లకు ఇవ్వగలిగితే ఇవ్వండి. మిస్సోరిలో ఇంకో సదుపాయం ఉంది. బతికుండగానే ఇల్లు ఎవరికి చెందాలో రాసి రిజిస్టర్ చేయించుకుంటే, ఆ ఇంటికి తర్వాత ప్రొబేట్ అవసరం పడదు. ఈ సంగతి మా షాపుకు వచ్చే పెద్దవాళ్లలో చాలామందికి తెలియదు. మన ఇళ్లలోనూ తెలియదు.

మిడ్‌టౌన్, సెంట్రల్ వెస్ట్ ఎండ్, టవర్ గ్రోవ్ చుట్టుపక్కల ఉండి పౌరసత్వం వచ్చిన తెలుగువాళ్లకు నాకు లేని ఓటు ఉంది. నగరంలో ఇప్పుడు వార్డులు పద్నాలుగే. మీ వార్డు ప్రతినిధి ఎవరో తెలుసుకుని ఒక ఈమెయిల్ రాయండి. ర్యామ్స్ సొమ్ములో టైటిల్ కేసులకు ఎంత, ఇంటి కప్పులకు ఎంత, ఏ నెలలోగా ఇస్తారు అని అడగండి. జవాబు వస్తే ఈ పత్రికకు పంపండి. సంపాదకుల వారు దాన్నీ, నేను పైన రాసిన లెక్కనూ అదే ప్రవాస పేజీలో వేయాలని కోరుతున్నాను.

— ఒక తెలుగు ఫార్మసిస్టు,
సెయింట్ లూయిస్ కౌంటీ, మిస్సోరి