హార్డ్ డిస్క్ లేబుల్ మీద రికార్డింగ్ పద్ధతి అచ్చు వేయాలి

గౌరవనీయులైన సంపాదకులకు,

నమస్కారాలు. గూగుల్ ఫోటోస్‌లో ఎన్ని ఫోటోలనైనా ఉచితంగా దాచుకునే వసతి 2021 జూన్ 1తో ముగిసింది. నెలనెలా అద్దె కట్టడం ఇష్టంలేని కుటుంబాలు అప్పటి నుంచి ఇంట్లోనే నిల్వ ఏర్పాటు చేసుకోవడం గురించి ఎక్కువగా అడుగుతున్నాయి. రూటర్‌కు కలిపి పెట్టే, రెండు గానీ నాలుగు గానీ హార్డ్ డిస్కులు పట్టే చిన్న పెట్టెను నాస్ అంటున్నాము. పెళ్లి వీడియోలు తీసే స్టూడియోల వారు, అమెరికాలో ఉన్న పిల్లలతో ఫోటోలు పంచుకోవాలనుకునే తల్లిదండ్రులు, పాత తెలుగు పుస్తకాలను స్కాన్ చేసి భద్రపరచే ఔత్సాహికులు దీనిని కొంటున్నారు. గుంటూరులో కంప్యూటర్లు, నెట్‌వర్కులు అమర్చే వృత్తిలో ఉన్నవాడిగా నేను గమనిస్తున్నది ఏమంటే, పెట్టె ఏ కంపెనీది కొనాలా అని వారాల తరబడి విచారించేవారు కూడా అందులో వేసే డిస్కుల దగ్గరికి వచ్చేసరికి ‘నాలుగు టీబీవి రెండు ఇవ్వండి’ అని ఊరుకుంటారు. వారిని తప్పుపట్టలేము. డిస్క్ మీద అంటించిన లేబుల్ చూస్తే సామర్థ్యం, మోడల్ నంబరు, సీరియల్ నంబరు, తయారైన దేశం కనిపిస్తాయి గానీ, నాస్‌కు అది పనికి వస్తుందో రాదో తేల్చే ముఖ్యమైన సంగతి చాలా డిస్కుల మీద ఉండదు.

ఆ సంగతి రికార్డింగ్ పద్ధతి. నేటి హార్డ్ డిస్కులలో రెండు పద్ధతులు ఉన్నాయి. సీఎంఆర్ అనే సంప్రదాయ పద్ధతిలో డిస్క్ లోపల తిరిగే పళ్లెం మీది ట్రాకులు, అంటే సమాచారం రాసే వలయాలు, ఒకదానినొకటి తాకకుండా పక్కపక్కన ఉంటాయి కాబట్టి, ఏ ట్రాకునైనా విడిగా తిరగరాయవచ్చు. ఎస్‌ఎంఆర్ పద్ధతిలో అదే పళ్లెం మీద ఎక్కువ సమాచారం పట్టించడం కోసం, పెంకుటింటి కప్పు మీద పెంకులు పరిచినట్లు, ఒక ట్రాకు అంచు మీదికి మరో ట్రాకు వచ్చేలా రాస్తారు. మధ్యలో ఒక పెంకు మార్చాలంటే దాని మీద ఉన్నవాటిని కదపక తప్పదు. అలాగే ఒక ట్రాకును మార్చి రాయాలంటే ఆ వరుసలో తరువాతి ట్రాకులను కూడా చదివి మళ్లీ రాయవలసి వస్తుంది. ఈ శ్రమ బయటికి కనబడకుండా ఉండేందుకు డిస్క్ కొత్తగా వచ్చినదాన్ని మొదట ఒక తాత్కాలిక భాగంలో రాసుకుని, ఖాళీ దొరికినప్పుడు తీరికగా సర్దుకుంటుంది. అప్పుడప్పుడు ఫోటోలు కాపీ చేసి పక్కన పెట్టేవారికి దీనివల్ల ఇబ్బంది లేదు, ధర కూడా కొంత కలిసివస్తుంది. ఖాళీ ఇవ్వకుండా గంటల తరబడి రాస్తూ పోతే మాత్రం ఆ తాత్కాలిక భాగం నిండిపోయి, వేగం ఒక్కసారిగా పడిపోతుంది.

నాస్‌లో అలా ఆగకుండా రాయవలసిన సందర్భం తప్పనిసరిగా ఒకటి వస్తుంది. ఒక డిస్క్ పోయినా సమాచారం మిగిలేలా పలు డిస్కులను కలిపి వాడే రైడ్ పద్ధతిలో ఒకటి చెడిపోయినప్పుడు, దాని స్థానంలో పెట్టిన కొత్త డిస్క్ మీద మొత్తం సమాచారాన్ని మళ్లీ నిర్మించాలి. 4 టీబీ సీఎంఆర్ డిస్కుకు సాధారణంగా ఇది ఒక రోజులోపు పూర్తయ్యే పని. 2020లో అమెరికాలో జరిగిన ఒక స్వతంత్ర పరీక్షలో, ఫైళ్లను డిస్కుల మీద సర్దే జెడ్‌ఎఫ్‌ఎస్ అనే సాఫ్ట్‌వేర్ అమరికలో అదే సామర్థ్యం గల ఎస్‌ఎంఆర్ డిస్కుకు తొమ్మిది రోజులకు పైగా పట్టింది. అన్ని అమరికలలోనూ ఇంత తేడా రాదు. అయినా ఆ తొమ్మిది రోజులు మిగిలిన పాత డిస్కులు రాత్రింబవళ్లు చదువుతూనే ఉంటాయి, ఒకే డిస్క్ నష్టాన్ని తట్టుకునే అమరికలో ఆ వ్యవధిలో రెండోది పోతే దాచుకున్నదంతా పోతుంది. పైగా నిర్మాణ సమయంలో కొత్త డిస్క్ సమాధానం ఇవ్వడం మరీ ఆలస్యమైతే, అది చెడిపోయిందనుకుని నాస్ దానిని పక్కన పెట్టేసే ప్రమాదం కూడా ఉంది.

ఈ విషయం ప్రపంచానికి తెలిసిన తీరు గమనించదగ్గది. వెస్టర్న్ డిజిటల్ సంస్థ నాస్‌ల కోసమేనని చెప్పి అమ్మిన ‘రెడ్’ వరుసలో 2 నుంచి 6 టీబీ వరకు గల కొన్ని మోడళ్లు ఎస్‌ఎంఆర్‌వని 2020 ఏప్రిల్‌లో బయటపడింది. అంతవరకు కొనుగోలుదారులకు ఆ మాట చెప్పలేదు. సీగేట్, తోషిబా సంస్థలు కూడా తమ కొన్ని డెస్క్‌టాప్ డిస్కుల విషయంలో అలాగే మౌనంగా ఉన్నాయని అదే సమయంలో తేలింది. అయితే సీగేట్ తన నాస్ వరుస అయిన ఐరన్‌వుల్ఫ్‌లో ఎస్‌ఎంఆర్ లేదని ప్రకటించింది. ప్రపంచం మొత్తానికి హార్డ్ డిస్కులు తయారుచేసే పెద్ద సంస్థలు ఈ మూడే కాబట్టి, అలిగి మరో కంపెనీకి వెళదామన్నా దారి లేదు. విమర్శలు వచ్చిన తరువాత మూడు సంస్థలూ ఏ మోడల్ ఏ పద్ధతిదో తెలిపే పట్టికలు విడుదల చేశాయి. వెస్టర్న్ డిజిటల్ తన వరుసను విడదీసి, సీఎంఆర్ వాటికి ‘రెడ్ ప్లస్’ అని కొత్త పేరు పెట్టి, ఉత్త ‘రెడ్’ అన్న పేరును ఎస్‌ఎంఆర్ వాటికి ఉంచింది. అంటే నేడు కొనుగోలుదారుకు దక్కిన రక్షణ అంతా ‘ప్లస్’ అనే ఒక్క మాటలో ఉంది, దాని అర్థం మాత్రం లేబుల్ చెప్పదు.

సికింద్రాబాద్‌లోని చెనాయ్ ట్రేడ్ సెంటర్ వంటి పెద్ద మార్కెట్లలో మోడల్ నంబరు చూడగానే పద్ధతి చెప్పగల దుకాణదారులు ఉన్నారు. జిల్లా పట్టణాలలో ఆ అవకాశం తక్కువ. అక్కడ ఎక్కువగా దొరికేవి రెండు రకాలు: మామూలు డెస్క్‌టాప్ డిస్కులు, సీసీ కెమెరాల కోసం వచ్చేవి. మొదటి రకంలో సీగేట్ బారాకుడా 2, 4, 8 టీబీ మోడళ్లలో బాగా అమ్ముడయ్యేవి ఎస్‌ఎంఆర్‌వే. పైగా మామూలు డిస్క్ చదవలేని చోటు తగిలినప్పుడు చాలాసేపు పట్టు వదలకుండా మళ్లీ మళ్లీ ప్రయత్నిస్తుంది; నాస్ డిస్క్ సుమారు 7 సెకన్లలో విరమించుకుని, మిగతా డిస్కుల నుంచి ఆ సమాచారం తెచ్చుకునే పనిని రైడ్‌కు వదిలేస్తుంది. ఇంట్లో వాడే కంప్యూటర్‌కు మొదటి గుణం మేలు, నాస్‌కు రెండోది అవసరం. కెమెరాల డిస్కులు రోజంతా తిరగడానికి తయారైనవే అయినా, ఆగకుండా వచ్చే దృశ్యాలను వరుసగా రాసుకోవడానికి అనువుగా మలచినవి. గతిలేనప్పుడు వాడుకోవచ్చునేమో గానీ, ధర దాదాపు సమానంగా ఉన్నప్పుడు వాటిని నాస్‌కు అంటగట్టడంలో అర్థం లేదు.

అంకెల విషయంలోనూ కొంత వివరణ అవసరం. రెడ్ ప్లస్, ఐరన్‌వుల్ఫ్ వరుసలు ఎనిమిది డిస్కుల వరకు పట్టే పెట్టెలకు, ఏడాదికి 180 టీబీ పనిభారానికి (అంటే చదివే, రాసే మొత్తం సమాచారానికి), మూడేళ్ల వారంటీతో వస్తాయి. ‘ప్రో’ రకాలకు వారంటీ ఐదేళ్లు. ఇంటి అవసరానికి 180 టీబీ ఎంతో ఎక్కువ కాబట్టి, ప్రోకు అదనంగా డబ్బు పెట్టేవారు పనిభారం కోసం కాక ఆ రెండేళ్ల వారంటీ కోసమే పెడుతున్నామని తెలుసుకోవాలి. పది లక్షల గంటల సగటు ఆయుష్షు అని రాసి ఉంటే ఆ డిస్క్ నూటపద్నాలుగేళ్లు బతుకుతుందని ఎవరూ భావించరాదు. ఏటా వందలో సుమారు ఒకటి కన్నా కొంచెం తక్కువ చెడిపోవచ్చునని దాని భావం. తన డేటా కేంద్రాలలోని డిస్కుల లెక్కలను బహిరంగంగా ప్రకటించే బ్యాక్‌బ్లేజ్ సంస్థ గణాంకాలలో ఆ నిష్పత్తి 2023లో 1.70 శాతం, 2024లో 1.57 శాతం. అవి చల్లటి గదులలో తిరిగే డిస్కులు. రెంటచింతల ఎండలలో, గాలి ఆడని టీవీ అలమారలో ఇరికించిన నాస్‌కు ఆ అంకెలను వర్తింపజేసుకుని ధీమాగా ఉండడం మంచిది కాదు.

కొత్తదని కొన్నది నిజంగా కొత్తదేనా అన్న ప్రశ్న కూడా ఇటీవల తలెత్తింది. డేటా కేంద్రాల తరగతికి చెందిన సీగేట్ డిస్కులు వేల గంటలు వాడిన తరువాత కొత్తవాటిగా అమ్ముడవుతున్నాయని 2025 ఆరంభంలో జర్మనీలో వెలుగులోకి వచ్చింది. డిస్క్ తనలో దాచుకునే స్మార్ట్ నమోదులోని పనిగంటలను మోసగాళ్లు సున్నా చేశారు. విడిగా ఉండే ఫార్మ్ అనే మరో నమోదును చూసినప్పుడు అసలు వయసు తెలిసింది. మన దగ్గర కొనుగోలుదారు ఎదుర్కొనే చిక్కు మరొకటి. అధికారిక దిగుమతిదారు ద్వారా కాక వేరే దారిలో వచ్చిన డిస్కుకు ఇక్కడ వారంటీ చెల్లకపోవచ్చు. సీరియల్ నంబరును కంపెనీ వెబ్‌సైటులో నమోదు చేస్తే వారంటీ ఉన్నదీ లేనిదీ క్షణంలో తెలుస్తుంది గనుక, ఆ పని డబ్బు చెల్లించకముందే దుకాణంలో నిలబడి చేయడం ఉత్తమం.

అయితే ఇంత విచారణ చేయవలసిన భారాన్ని పూర్తిగా కొనుగోలుదారు మీద వేయడం న్యాయం కాదని నా అభిప్రాయం. 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టం వస్తువు నాణ్యత, పరిమాణం, ప్రమాణం, ధర మొదలైన వివరాలు తెలుసుకునే హక్కును వినియోగదారుకు స్పష్టంగా ఇచ్చింది. 2011 నాటి తూనికలు, కొలతల ప్యాకేజీ వస్తువుల నిబంధనలు దిగుమతిదారు పేరు, చిరునామా, గరిష్ఠ ధర, ఫిర్యాదులకు సంప్రదించవలసిన వివరాలు ప్యాకెట్ మీద ఉండాలని ఇప్పటికే శాసిస్తున్నాయి. వాటితో పాటు హార్డ్ డిస్క్ లేబుల్ మీద సీఎంఆర్ లేదా ఎస్‌ఎంఆర్ అన్న మూడు ఇంగ్లీషు అక్షరాలు, ఏడాది పనిభారం, భారతదేశంలో వారంటీ ఎన్నేళ్లన్న సంగతి అచ్చు వేయడాన్ని కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ తప్పనిసరి చేయాలి. ఎయిర్ కండిషనర్లకు, ఫ్రాస్ట్ ఫ్రీ ఫ్రిజ్‌లకు విద్యుత్ పొదుపు నక్షత్రాల లేబుల్ 2010లో తప్పనిసరి అయినప్పుడు ఆ పరిశ్రమ ఏమీ కుదేలు కాలేదు. ఇక్కడ కొత్త పరీక్షలు జరపవలసిన అవసరం కూడా లేదు. మూడు కంపెనీలూ తమ వెబ్‌సైట్లలో ఇదివరకే పెట్టిన సమాచారాన్ని సరుకు మీదికి తేవడమే.

కంపెనీలు వినవని నిరుత్సాహపడనక్కరలేదు. నాస్ పెట్టెలు తయారుచేసే సైనాలజీ సంస్థ 2025లో తెచ్చే తన ప్లస్ వరుస నాస్‌లలో తాను ధ్రువీకరించిన డిస్కులు మాత్రమే పూర్తిగా పనిచేస్తాయని ఆ ఏడాది ఏప్రిల్‌లో ప్రకటించి, కొనుగోలుదారుల నుంచి తీవ్ర వ్యతిరేకత రావడంతో అక్టోబరులో ఆ ఆంక్షను సడలించింది. అడిగేవారు ఎక్కువైతే లేబుల్ కూడా మారుతుంది.

అంతవరకు పాఠకులకు నా విన్నపం ఒకటే: బిల్లు మీద ‘4 టీబీ హార్డ్ డిస్క్’ అని రాస్తే ఒప్పుకోకుండా, పూర్తి మోడల్ నంబరును, సీరియల్ నంబరును రాయించుకోండి. ఒక మాట చెప్పి మరో సరుకు ఇచ్చారని తేలితే జాతీయ వినియోగదారుల సహాయ కేంద్రం 1915కు ఫిర్యాదు చేయడానికి ఆ బిల్లే ఆధారం. మీ పత్రిక సాంకేతిక పేజీలో నిల్వ పరికరాల ధరలు, సామర్థ్యాలు తరచుగా ప్రచురిస్తున్నారు. ఇకపై ప్రతి హార్డ్ డిస్క్ పక్కన దాని రికార్డింగ్ పద్ధతిని కూడా తెలుపుతూ ఒక గడి చేర్చవలసిందిగా కోరుతున్నాను.

ఇట్లు,
ఒక పాఠకుడు,
గుంటూరు